అంగుళానికి నూలు తక్కువ

తెల్లారగానే సుబ్బరావమ్మ ఎద్దుల కొట్టం ఊడుస్తుంది. కుడితి కుండలో ఇంత తవుడు కలుపుతుంది. ఆ తర్వాతే పొయ్యి ముట్టిస్తుంది. ఎద్దులు పోయి ఏడాదైనా ఆ అలవాటు పోలేదు. కుడితి వృథా అయ్యిందీ లేదు. చచ్చిన ఎద్దు మైలోడి కట్టుకొయ్యకి ఆనించిన సైకిలు హ్యాండిల్ పొద్దెక్కేసరికి కుండలోకి వాలి ఉంటుంది. కుండ అడుగు కనపడుతుంటుంది.

ఇది ఆమె మొగుడు యలమందయ్య చేసిన పొరపాటు. మైలోడు పాము కరిచి పోయాడు. జత విరిగాక ఒంటెద్దు అరకకి పనికిరాదని రెండోదాన్ని సంతకి తోలేశాడు. బండి మూలన పడింది, సైకిలు మిగిలింది. ఒకనాడు దాని మెడ కిర్రుకిర్రుమంటుంటే యలమందయ్య గ్రీజు కోసం చూడలేదు. బండి ఇరుసుకి రాసే కందెన, ఆముదంలో గడ్డిమసి నూరి తను చేసిందే, వెదురు గొట్టంలోంచి వేలితో తీసి మెడ బేరింగు కప్పుల్లో కూరాడు. పుట్టి బుద్ధెరిగిన కాడనుంచి బండి తోలినవాడు తప్ప ఇంకెవడూ అలాంటి పని చెయ్యడు.

ఆ మర్నాటి నుంచి ఈగ వాలితే హ్యాండిల్ తల విదిలించేది. నీడలో ఉన్నా వెచ్చగా ఉండేది. చేను దారి రాగానే కుడికి లాగేది. "ఏం యలమందా, మేతేశావా?" అని ఊళ్లోవాళ్లు అడిగి ఎవరి దారిన వాళ్లు పోయేవాళ్లు.

ఆ ఏడు పత్తి మోకాలెత్తు లేచేసరికి ముసురు పట్టింది. వాన వెలిశాక చూస్తే సాళ్ల మధ్య తుంగ, గరిక చాప పరిచినట్టున్నాయి. కలుపు కోసే గుంటక తోలాలి. తోలడానికి జత లేదు. ఊళ్లో ఉన్న జతలు వాళ్ల చేలకే చాలడం లేదు. నిలబడ్డ పైరులో ట్రాక్టరు దిగదు. పొలం దున్నేవాడి కష్టం గడ్డికి పట్టదు, గవర్నమెంటుకీ పట్టదు. చివరికి పొగాకు కాల్చే బ్యారన్ ఉన్న దుర్గాప్రసాద్‌కి చేను ఇచ్చేస్తానని యలమందయ్య మాటిచ్చాడు. గురువారం పర్చూరులో రిజిస్ట్రేషను. ఆ తర్వాత ఆలుమగలిద్దరూ గుంటూరు వెళ్లి మిర్చి కోల్డ్ స్టోరేజీ దగ్గర కాపలా ఉండాలి.

"నేలలేనోళ్లం అయిపోతామా?" అని సుబ్బరావమ్మ ఒక్కసారే అడిగింది. అతను పొలం కాగితాలు తీసి సంచీలో పెట్టుకున్నాడు.

ఆ వారమే సైకిలు మెడ దగ్గర గొట్టం చీలింది. మెకానిక్ రసూల్ గుంటూరు నుంచి కొత్తరకం సైకిలు ఫ్రేము, ఫోర్కు తెచ్చాడు. పాత చక్రాలు, వెనక స్టాండు బిగించాడు. హ్యాండిల్ దగ్గరికొచ్చి ఆగిపోయాడు.

"కుదరదు మామా. కొత్త మెడలో బెజ్జం నిండు అంగుళం. నీ హ్యాండిల్ కాడ అంగుళానికి నూలు తక్కువ."

నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు.

"నూలేగా! రేకు ముక్క చుట్టి దిగ్గొట్టు."

"కొడతా. వాగు చప్టా మీద ఊడి చేతికొస్తే నీ మూతిపళ్లు ఎవరేరుకోవాలి? ఈ మెడకి ఈ కొలత హ్యాండిలే ఉండాలి. కప్పులైనా అంతే. వేరేది ఇస్తా, తీసుకో."

"వేరేదా? మైలోడి తల తీసి ఇంకోడి తల పెడతావంట్రా?"

రసూల్ తల గోక్కున్నాడు. "అదీ నిజమే. ఇవాళ్టికి కొయ్య దగ్గరే ఉంచు. గట్టిగా మేపు."

సుబ్బరావమ్మ ఆ పూట కుడితిలో గుప్పెడు తెలగపిండి ఎక్కువేసింది. పొద్దున్నే హ్యాండిల్ తీసుకెళితే రసూల్ కాడకి కాలిపర్ పెట్టి చూశాడు. నిండు అంగుళం. ఇనుము మీద సన్నటి వలయాలు తేలాయి, ఎదిగే కొమ్ము మొదట్లో ఉండేలాంటివి.

"ఎదిగాడు మామా," అని రసూల్ బిగించి ఇచ్చాడు.

యలమందయ్య ఆ వలయాల మీద బొటనవేలు ఆనించాడు. చచ్చినవాడు ఎదుగుతున్నాడు. బతికున్న తను పారిపోతున్నాడు.

గురువారం ఉతికిన పంచె కట్టి, కాగితాల సంచీ తగిలించుకుని పర్చూరు బయల్దేరాడు. చేను దారి దగ్గర హ్యాండిల్ కుడికి తిరిగింది. ఎడమకి లాగాడు. రాలేదు. దిగి రెండు చేతులా వంచబోయాడు. అది అతన్నే లాక్కుంటూ గట్టు దిగి పత్తిలో పడింది.

ముందు చక్రం సాళ్ల మధ్య తాడు పట్టినట్టు తిన్నగా నడిచింది. ఆ కుదుపుకి వెనక స్టాండు జారి కిందికి దిగి, దాని అడుగు పట్టీ గుంటకలా నేలలో అంగుళం మేర దిగబడింది. తుంగ వేళ్లతో సహా లేచి పక్కకి ఒరిగింది. ఒక్క పత్తి మొక్కకీ గీటు పడలేదు. యలమందయ్య చెప్పులు విడిచేశాడు. సగం సాలు దాటాక, ఏడాదిగా పలకని మాట గొంతులోంచి దానంతటదే వచ్చింది.

"హై! హై నాయనా!"

సాలు చివర హ్యాండిల్ తనే తిరిగి, పక్క సాలు అందుకుంది. వెనక్కి చూస్తే నల్లరేగడి విచ్చుకుని, తడి వాసనతో ఊపిరి పీలుస్తోంది. కళ్లు చెమర్చాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

పొద్దు వాలుతుండగా దుర్గాప్రసాద్ మోటారుసైకిలు గట్టున ఆగింది.

"ఏమయ్యా యలమందయ్యా! ఆఫీసు దగ్గర పొద్దస్తమానం నన్ను ఎండబెట్టి, నువ్విక్కడ..." అని చూసి ఆగాడు.

"అరక మీద ఉన్నానండీ. సాలు నడిమధ్య విప్పగూడదు కదా!"

సాలు మధ్యలో అరక విప్పమని ఆ నేల మీద ఎవడూ అడగడు. దుర్గాప్రసాద్ కూడా దున్నేవాళ్ల ఇంట పుట్టినవాడే. విడిచిన చెప్పుల వంకా, తేటపడ్డ సాళ్ల వంకా చాలాసేపు చూశాడు.

"ఇంకెన్ని సాళ్లున్నాయి?"

"చేనంతా ఉందండీ. ఇది అయ్యేలోపు మొదటి సాల్లో మళ్లీ కలుపు మొలుస్తది."

"అయితే కానియ్యి," అని ఆయన బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

సుబ్బరావమ్మ అన్నం క్యారేజీ, నీళ్ల బిందె తెచ్చింది. కొంగున ఏదో మూటగట్టుకొచ్చింది. ఏరువాకనాడు మైలోడి కొమ్ములకి తొడిగే ఇత్తడి కుప్పెలు. చింతపండుతో తోమినట్టున్నాయి. హ్యాండిల్ రెండు కొసలకీ తొడిగింది. అచ్చంగా పట్టాయి. నూలు వదులు లేదు, నూలు బిగువు లేదు.

"దాహంగా ఉందా, నీళ్లియ్యనా?" అంది మొగుణ్ని.

"ముందు వాడికి పెట్టవే," అన్నాడు యలమందయ్య.