మస్తకి మొక్కకు చెంబెడు నీళ్లు

నేను ఒక కుండను. ఇప్పుడు నన్ను చూస్తే ఆ మాట మీరు నమ్మరు. మెడ లేదు, మూతి లేదు, మిగిలింది పొట్ట ఒక్కటే. ఒక ఆడపిల్ల చదువంతా కొన్నాళ్లు ఈ పొట్టలోనే ఉండిందంటే అస్సలు నమ్మరు.

నన్ను చేసింది కుమ్మరి సుంకన్న. చెరువు మట్టి తెచ్చి, ఇసుక కాస్త ఎక్కువే కలిపి, కాళ్లతో తొక్కి, సారె మీద లేపినాడు. ఆములో కాలినాక బయటికి తీసి వేలి కణుపుతో కొట్టి చూసి, "ఇన్నావా ఆ మోత? దీంట్లో నీళ్ల ముందర ఫ్రిజ్జు ఏపాటిది!" అని పెండ్లాంతో గొప్పలు పోయినాడు. అమ్ముడుపోయేదాకా కుమ్మరికి ప్రతి కుండా పెద్దకొడుకే. ఆమె మాత్రం, "మోత కాదు, బేరం వినిపించు," అని మూతి తిప్పింది.

మొదట నన్ను చలివేంద్రంలో పెట్టినారు. ఊరికి దూరంగా, రోడ్డు పక్కన వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఉంది. దాని గేటు ముందర పందిరి వేసి నన్ను ఇసుకలో కూర్చోబెట్టినారు. ప్రారంభించను వచ్చిన నాయకుడు నా నీళ్లు గ్లాసులో పట్టుకుని ఫోటో దిగి, గ్లాసు పక్కన పెట్టి, కారెక్కి సీసా నీళ్లు తాగినాడు. అయినా ఆ వేసవి నా బతుకులో మంచికాలం. గొర్రెలు తోలుకుపోయేవాళ్లు, బస్సు తప్పినవాళ్లు నా నీళ్లు తాగి "సల్లగుండాయప్పా" అనేవాళ్లు. ఆ మాట ఎవరినన్నారో తెలియదు, నన్నే అనుకునేదాన్ని.

వానలు పడగానే పందిరి పీకినారు. పీకేటప్పుడు నన్ను జారవిడిచినారు. మెడ ఊడింది, అడుగున బీట పడింది. కంచె పక్కకు విసిరేసినారు. నన్ను అక్కడినుంచి ఎత్తుకున్నది నాగవేణి.

నాగవేణి ఆ కేంద్రంలో పీహెచ్‌డీ చేస్తున్న పిల్ల. వాళ్ల నాయనకు కడుపులో పుండు. అది మానినట్టే మాని మళ్లీ లేచేది. యునానీ మందుల అంగట్లో రూమీ మస్తకి అని తెల్లటి బంక అమ్ముతారు. అది నమిలిన రోజు ఆయనకు మంట తగ్గేదట. ధర చూస్తే మాత్రం కొత్త మంట లేచేదట. మధ్యధరా సముద్రం ఒడ్డున రాళ్ల మధ్య పెరిగే ఒక పొద నుంచి ఆ బంక వస్తుంది. ఆ పొద మన రాయలసీమ గుట్టల్లో బతుకుతుందా, బతికితే దాని ఆకు తైలానికి కడుపులో పుండు పెట్టే పురుగును చంపే గుణం నిలుస్తుందా అన్నది ఆమె పరిశోధన.

ఎక్కడెక్కడినుంచో అనుమతులు తెచ్చి కొమ్మలు తెప్పించింది. అంట్లు కట్టి ప్లాస్టిక్ కుండీల్లో పెట్టింది. ఆ సంవత్సరం వానలు మన మీద దయ తలచినాయి. ఊరంతా పండగ చేసుకుంటే ఆ పిల్ల మొక్కలు ఒకటొకటిగా కుళ్లిపోయినాయి. ఆ పొదల దేశంలో వాన చలికాలంలో పడుతుందట, ఎండాకాలం చుక్క పడదట. వేడి నేలలో తడి తగిలితే వాటి వేరు ఉడికిపోతుందట. ఆ సంగతి ఆమె పుస్తకాల్లో ముందే చదివింది. కానీ ఆకాశానికి ఎవరు చెప్తారు?

ఒక్క మొక్క మిగిలింది. అది నాలో ఉన్నది. కుండీలు చాలక ఆఖరి అంటును బీట పడిన నాలో పెట్టింది. పడిన నీళ్లు పడినట్టే అడుగు బీటలోంచి కారిపోయినాయి. చుక్క కారని కుండను చేశానని సుంకన్న మురిసిపోయినాడు గానీ, ఆ మొక్కను బతికించింది నాకు పడిన దెబ్బే.

మొక్క ఎదిగింది. తోలులాంటి చిన్న ఆకులు. నలిపితే పచ్చి మామిడి జీడి వాసన, ఆ వెనక కర్పూరం. నాగవేణి గుప్పెడు ఆకులు కోసి, తైలం తీసి, గాజు పళ్లెంలో పెంచిన పురుగు మీద వేసింది. మర్నాడు పరుగెత్తుకుంటూ వచ్చి నా పక్కన చతికిలబడి ఫోన్లో వాళ్ల సార్‌తో అరిచింది. "సార్, చచ్చింది సార్! చుట్టూ ఖాళీ వచ్చింది సార్! తైలం వేసినకాడికి పురుగు రాలేదు!"

సోమశేఖర్ సార్ సాయంత్రం నడుచుకుంటూ వచ్చినాడు. మొక్కను చుట్టూ తిరిగి చూసినాడు.

"బాగుందమ్మా. మళ్లీ చెయ్."

"ఆకు లేదు సార్. ఇప్పుడు కోస్తే మొక్క పోతుంది. వచ్చే వానాకాలం చివర చిగురేస్తుంది, అప్పుడు..."

"అప్పుడే చెయ్. ఇంకో రెండుసార్లు ఇదే రావాల. ఒక్కసారి వచ్చిందాన్ని ఎవుడూ ఫలితం అనడు. కాకతాళీయం అంటారు."

"ఇంకో నాలుగు కొమ్మలు తెప్పించను అనుమతికి ఢిల్లీకి రాద్దామా సార్?"

"రాసినా. వద్దన్నారు. నీ పీహెచ్‌డీ గడువు కూడా ఈ ఏడుతో సరి. ఇదొక్కటే నీకు." అని నా పొట్ట మీద బూటు కొసతో తట్టినాడు. సార్‌కు ప్రేమ వచ్చినప్పుడు అట్లాగే తడతాడు.

వేసవి వచ్చింది. బోర్లు ఎండినాయి. హాస్టల్ మూసేసి పిల్లల్ని ఇండ్లకు పొమ్మన్నారు. నాగవేణి పోయేముందు కాపలా ఉండే దస్తగిరి తాతను పిలుచుకొచ్చి నన్ను చూపించింది. దస్తగిరి దూదేకుల ఆయన, ఆ కేంద్రం పుట్టినప్పటినుంచీ గేటు కాడ ఉన్న మనిషి.

"తాతా, దీనికి నీళ్లు పోయొద్దు. ఎండినట్టు కనిపిస్తాది, చావదు. ఎండాకాలం అది నిద్రపోతాది. మేకలు రాకుండా చూడు, అంతే."

"నిద్రపోతాదా?"

"ఊ. లేపొద్దు."

"సరే పాపా. నువ్వు నిమ్మలంగా పో. నాయిన్ను బాగా చూసుకో."

రోహిణి కార్తె ఎండ మీకు చెప్పేదేముంది. దాంతోపాటే ఆ ఏడు రంజాను నెల. దస్తగిరి తాత ఒక్కపొద్దు ఉంటూనే గేటు కాడ కూర్చునేవాడు. ట్యాంకరు వచ్చినప్పుడు కాపలావాళ్లకు తలా ఒక క్యాను నీళ్లు ఇచ్చేవాళ్లు. పగలంతా ఆయన నోట్లో చుక్క పోయేది కాదు. మొదట్లో మొక్కను దూరంనుంచి చూసినాడు. తర్వాత దగ్గరకొచ్చి చూసినాడు. ఆకులు మెరుపు తగ్గి దుమ్ము రంగుకు తిరిగినాయి. నిద్రకు అదే గుర్తు. ఆయనకు అది చావులాగా కనిపించింది.

"నాకంటే ఒక్కపొద్దు," అన్నాడు దానితో. "నువ్వేం మొక్కుకున్నావే తల్లీ?"

తను తాగని నీళ్లలోంచి చెంబెడు తెచ్చి పోసినాడు.

నెలల తరబడి ఎండకు కాలిన మట్టిలో ఆ చెంబు నీళ్లు సుయ్యిమన్నాయి. నా ఒళ్లు చల్లబడింది. అబద్ధమెందుకు, హాయిగానే ఉండింది. నీళ్లు బీటలోంచి కారి నేల మీద మరక కట్టినాయి. ఆ మరక చూసి దస్తగిరి తాత నాలిక కరుచుకున్నాడు. "నీళ్లు లేక మనుషులు సస్తాంటే ఇట్లా పారబోస్తే దేవుడు ఒప్పుతాడా?" గోడ పని చేసిన మేస్త్రీ వదిలిపోయిన సిమెంటు గుప్పెడు తెచ్చి, తడిపి, నన్ను పక్కకు వంచి, బీటకు అద్ది, బొటనవేలితో సాపు చేసినాడు. పసిబిడ్డ పుండుకు మందు రాసినట్టు రాసినాడు. ఆ రోజునుంచి చుక్క కారలేదు.

రోజూ ఒక చెంబు. పైన మట్టి మధ్యాహ్నానికి ఆరిపోయేది, అడుగున ఆరేది కాదు. వేడి, తడి కలిసి లోపల గంజి కాగినట్టు ఉండేది. వేళ్లు మెత్తబడడం నాకు తెలుస్తూనే ఉండింది. మొదట వెంట్రుకల్లాంటి వేళ్లు పోయినాయి, తర్వాత లావు వేళ్ల తోలు ఊడింది. పైన ఆకు వాడేకొద్దీ, "ఇంకా దప్పిగ్గా ఉన్నట్టుందే," అని ఆయన చెంబున్నర పోసేవాడు. నేను కుండను. పోసిందాన్ని పట్టుకోవడం తప్ప నాకు ఇంకో విద్య రాదు.

హాస్టల్ తెరిచిన రోజు నాగవేణి సంచీ భుజాన ఉండగానే నేరుగా నా దగ్గరకొచ్చింది. ఆకులన్నీ గోధుమరంగులో కొమ్మకు అంటుకుని ఉన్నాయి. గోటితో కొమ్మ గీరి చూసింది, పచ్చ లేదు. మట్టిలో వేలు గుచ్చింది. ఆ వేలు చాలాసేపు అట్లాగే ఉంచింది. తడి తగిలింది మరి. నన్ను వంచి అడుగు చూసింది.

దస్తగిరి తాత వచ్చి నిలబడినాడు. ఒక్కపొద్దులతో సగమైపోయినాడు.

"బతకలా పాపా. నా సేతనైంది సేసినా. ట్యాంకరు రాని రోజు కూడా నా నీళ్లు తెచ్చి పోసినా. కారిపోతాంటే మాటు కూడా ఏసినా. నువ్వు వద్దన్నావు గానీ, కండ్ల ముందర ఎండిపోతాంటే ఎట్లా సూసేది? సెప్పు."

నాగవేణి నోరు తెరిచింది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చిందని నాకు తెలుసు, ఆమె చేతులు నా పొట్టను అంత గట్టిగా పట్టుకున్నాయి. ఆయన పెదాలు పగిలి ఉన్నాయి.

"ఎండ ఎక్కువైంది తాతా," అంది. "నువ్వేం చేస్తావ్."

"అదే నేనూ అనుకుంటి. ఇంగొంచెం నీళ్లు ఉండింటే..."

"ఊ."

ఆయన పోయినాక మొక్కను పెరికింది. పెరకడానికి బలం అక్కరలేకపోయింది, ఊరికే వచ్చేసింది. వేళ్లు నల్లగా, మురుగు కంపు. సార్ వచ్చి చూసి, ముక్కుకు చేతిగుడ్డ పెట్టుకుని, "రిపోర్టులో ఎండకు పోయిందని రాయి, సరిపోతుంది," అన్నాడు. ఆ ఒక్క ఫలితం ఎక్కడా అచ్చు కాలేదు. గడువు తీరినాక ఆమె ఆదోనిలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పుకుంటున్నదని, నాయన ఇంకా గ్లాసుల కొద్దీ మజ్జిగ తాగుతూ కడుపు పట్టుకుని తిరుగుతున్నాడని ఆఫీసువాళ్లు మాట్లాడుకుంటుంటే విన్నాను.

నన్ను మొక్కలు పెంచే గాజుపాక వెనక, విరిగిన పైపుల పక్కన పడేసినారు. ఇక్కడినుంచి కుండీల అరుగు బాగా కనిపిస్తుంది. ఈ ఏడు సార్‌కు కొత్త ప్రాజెక్టు వచ్చింది. అదే సముద్రం ఒడ్డునుంచి ఇంకో పొద. కొత్త పిల్లవాడు ఒకడు వరసగా మొక్కలు పెట్టించి, ఎండలు ముదరగానే దస్తగిరి తాతను పిలిచి నీళ్లు వద్దన్నట్టు చేతులు తిప్పుతూ ఏదో చెప్పినాడు. తాత తల ఊపినాడు.

"నువ్వు బెంగ పెట్టుకోగాకు నాయినా," అన్నాడు. "మొన్నొక పాప మొక్క పెట్టింది. వద్దంది కదా అని నేను మొదట్లో నీళ్లు పోయకుండా ఊరుకుంటి, అది ఎండకు పోయె. ఈతూరి మొదటి రోజునుంచే సూసుకుంటా."

పిల్లవాడు ఫోను చూసుకుంటూ, "సరే తాతా, థ్యాంక్స్," అని బస్సుకు పోయినాడు.

ఎండ నెత్తికెక్కింది. తాత చెంబు తీసుకుని అరుగు వైపు నడుస్తున్నాడు.