టాకా మీద రంగు

కాళ్ళు రెండూ ఉన్నాయి, ముందు అవే చూశాను, జీపు వెనకాల, నీళ్ళకి జానెడు ఎడంగా, అరిగిన హవాయి చెప్పుల్లో రెండు కాళ్ళు, ఎడమ బొటనవేలి గోరు నల్లగా ఉంది, ఆ నలుపు ఇప్పటిది కాదు, ఎప్పుడో ట్రాక్టరు కమానుపట్టీ పడినప్పటిది, ఆ కాలు మా అన్న అహ్మద్ భాయ్ కాలే, హమ్మయ్య బతికాను అనుకున్నాను, అతను బతికాడు అని కదా అనుకోవాలి, నేను బతికాను అనుకున్నాను, మోపెడ్‌కి స్టాండు కూడా వెయ్యకుండా తుమ్మచెట్టుకి ఆనించేశాను, ఆగడాలలంక గట్టు మీద గాలి ఒకటే హోరు, చొక్కా అంతా చెమట, గాలి తగిలితే ఒళ్ళు జిల్లుమంది, దాహం కూడా ఇప్పుడే తెలిసింది, ఏలూరు నుంచి ఇంతసేపూ తెలియలేదు.

కాళ్ళ తరవాత ఫ్రిజ్జు కనపడింది, జీపు వెనక తలుపు తీసి ఉంది, నేను చేసిన జారుడు బల్ల పూర్తిగా బయటికి వచ్చి ఉంది, దాని చివర ఫ్రిజ్జు, గాలిలో, కదలకుండా, జీపు మూతి గట్టు మీదికీ వెనక భాగం నీళ్ళ వైపుకీ వాలి ఉన్నాయి, దోనె దగ్గరకి రావాలంటే ఇక్కడ అందరూ అలాగే పెడతారట, గట్టు మీద అడ్డంగా పెడితే ఇంకో బండి పోదు, ఈ ముక్క నాకెవడు చెప్పాడు, నా షెడ్డులో నేల చదునుగా ఉంటుంది, అక్కడ లాగి చూశాను, నెట్టి చూశాను, అబ్బో అనుకున్నాను, ఇక్కడ ఆ పెట్టె బరువంతా చివరి రెండు ముక్కల మీదే, స్టాపర్ల మీద, అవి ఊడితే పెట్టె తిన్నగా వచ్చి లాగినవాడి కాళ్ళ మీద పడుతుంది, ఊడి తీరాలి, ఊడలేదు, ఎందుకు ఊడలేదు, అల్లా, ఎందుకైతేనేం, కాళ్ళున్నాయి.

ఆ పెట్టె మామూలు ఫ్రిజ్జు కాదు, బండి బ్యాటరీ మీద నడిచేది, మూత పైకి తెరుచుకుంటుంది, లంక ఊళ్ళ పిల్లలకి టీకాలు చల్లగా తీసుకెళ్ళాలని డాక్టరు నరసింహమూర్తిగారు ఎక్కడినుంచో తెప్పించారు, తీరా జీపులో పెడితే టాపు కమ్మీ తగిలి మూత సగం కూడా లేవదు, ప్రతిసారీ ఇద్దరు మనుషులు దింపాలి ఎక్కించాలి, అందుకని పెట్టె బయటికి జారేలా ఏదన్నా చెయ్యి తాహిర్ అన్నారు, బీరువా సొరుగులకి వేసే ఛానెళ్ళు వేస్తే చాలదా అన్నారు, చాలదండీ, చీరలు మోసేవి అవి, గతుకుల్లో వంగిపోతాయి అన్నాను, షట్టరు దిగే గైడు ఛానెలు తీసుకుని పడుకోబెట్టి, అందులో జరిగే గేటుకి వేసే బేరింగు చక్రాలు వేశాను, వెన్నలా జారింది, నా చేత్తో నేను చేసిన పనుల్లో బాగున్నదేదో నాకు తెలుసు, ఆరో క్లాసుతో బడి మాన్పించి సుత్తి చేతికిచ్చారు నాకు, మా అన్నగార్ని మాత్రం పదో తరగతి దాకా చదివించారు, పెద్దవాడు కదా, చివరికి ఇద్దరమూ అదే వెల్డింగు పొగ పీల్చాం, ఆ చదువు ఎందుకు పనికొచ్చిందో మా అబ్బా చెప్పకుండానే పోయాడు.

చదువు సంగతి మరిచిపోయాను గానీ భాయ్ సుత్తి మరిచిపోలేను, నేను ఏది అతికినా వెనకే వచ్చేవాడు, సుత్తితో ఠంగుమని ఒకటి కొట్టి చెవి పెట్టేవాడు, బాగుంటే ఏమీ అనడు, ఆ ఏమీ అనకపోవడమే నాకు మండేది, ఎదురుగా బేరం వాళ్ళుండగా, ఏవయ్యా తాహిర్, మీ అన్న నిన్ను నమ్మడా ఏంటయ్యా అని పెదవేగి కోదండరామయ్యగారు పళ్ళికిలించారు, పామాయిలు గెలల ట్రక్కు తలుపు పని అది, ఠంగుమనలేదు, టప్పుమంది, అతుకు పట్టలేదన్నమాట, మళ్ళీ వెయ్యరా అన్నాడు, ఆయన ముందే అన్నాడు, వెల్డింగు హోల్డరు అక్కడే పారేసి వచ్చేశాను, వేరే షెడ్డు పెట్టుకున్నాను, తరవాత పొగ పడక డాక్టరుగారు వద్దంటే భాయ్ వెల్డింగు మానేసి ఆయన దగ్గరే డ్రైవరుగా చేరాడు, ఈ జీపు పనికి కూడా తను నా గుమ్మం తొక్కలేదు, కాంపౌండరు బుచ్చిబాబుని పంపాడు, నాకేం, రాకపోతే మంచిదే అనుకున్నాను.

మంచిదెలా అవుతుంది, వచ్చి ఉంటే కొట్టి చూసేవాడు కదా, పొద్దున హమీదా బట్టలు ఉతుకుతూ, ఏమండీ, నిన్న అన్నం తిన్నాక వేసుకెళ్ళిన చొక్కాకి నల్లరంగే ఉంది, ఒక్క నిప్పురవ్వ కన్నం లేదు, మధ్యాహ్నం వెల్డింగు చెయ్యలేదా అంది, మామూలుగానే అంది, చేతిలో టీ గ్లాసు అలాగే ఆగిపోయింది, చెయ్యలేదు, నిన్న పొద్దున స్టాపరు ముక్కలు సరిగ్గా కూర్చున్నాయా లేదా అని టాకా మాత్రం వేశాను, టాకా అంటే దర్జీలు వేసే పోగుకుట్టు లాంటిదే, ముక్క కదలకుండా ఒక చుక్క, అసలు అతుకు తరవాత వేయాలి, ఈలోపు కరెంటు పోయింది, ఇంటికెళ్ళి తిని వచ్చాను, ఇంకా రాలేదు, బుచ్చిబాబు వచ్చి, ఖాళీగా కూర్చునే బదులు రంగైనా కొట్టెయ్యండి, సాయంత్రానికి బండి కావాలి అన్నాడు, కొట్టేశాను, కరెంటు వచ్చేసరికి మొత్తం నల్లగా నిగనిగలాడుతోంది, పని అయిపోయినట్టే కనపడింది, బండి ఇచ్చేశాను, టాకా మీద రంగు, చూసేవాడికేం తెలుస్తుంది, చేసినవాడికే తెలియలేదు.

భాయ్ సెల్లుకి కొడితే అందుబాటులో లేదంటుంది, డాక్టరుగారికి చేస్తే తాడేపల్లిగూడెంలో మీటింగులో ఉన్నానయ్యా, వాళ్ళు పొద్దున్నే బయల్దేరారే, ఏం కావాలి అన్నారు, ఏం లేదండీ అన్నాను, ఏం చెప్పను, మోపెడ్ తీశాను, హైవే మీద లారీలు పక్కనుంచి దూసుకుపోతుంటే కూడా భయం లేదు, కళ్ళముందు ఒకటే, ఫ్రిజ్జు జారడం, ఆ చెప్పులు, పడితే పడనీ, నన్ను నలుగురిలో నవ్వులపాలు చేసినవాడేగా అని ఒక మాట కూడా వచ్చింది లోపల, నిజంగానే వచ్చింది, గుండుగొలను దగ్గర వచ్చింది, వచ్చిన వెంటనే యాక్సిలరేటరు ఇంకా గట్టిగా తిప్పాను, గట్టు ఎక్కాక మట్టిలో చక్రం జారి ఒకసారి పడ్డాను కూడా, మోచెయ్యి చీరుకుంది, ఇప్పుడు మండుతోంది.

అయ్యో తాహిర్‌గారు, మీరొచ్చారేంటండీ, మోచేతికి ఆ రక్తమేంటి, ఇలా రండి అంటోంది నర్సు సాయిప్రియ, దూదితో తుడుస్తూనే మాట్లాడుతోంది, భలే కుదిరిందండీ, ఒక్క చేత్తో లాగుతుంటే వచ్చేస్తోంది, దోనెలో నిలబడ్డ కనకరాజు అందుకుని, రావడం బానే వచ్చిందండీ, సరాసరి నా దోనెలోకే దూకేస్తుందని తెడ్డు వదిలేసి పక్కకి జరిగాను, మేకు కొట్టినట్టు ఆగిందండీ బాబూ, నా పరువే పోయింది అని నవ్వుతున్నాడు, దోనెలో పిల్లలూ నవ్వుతున్నారు, సూది ఇంకా పడలేదు మరి, ఈలోపు సాయిప్రియ అంటోంది, మీరు చెప్పినట్టే గుండుగొలనులో ఎజ్రా షెడ్డు దగ్గర ఆగి బోల్టులు వేయించామండీ, నేను చెప్పినట్టా అన్నాను, అదేనండీ, మా తమ్ముడు చెప్పాడమ్మా, బరువు ఎక్కాక దారిలో బోల్టులు కూడా బిగించుకోమన్నాడు అని మీ అన్నయ్యగారు ఆపారు, మీరు చెప్పలేదా ఏంటి, చెప్పాను చెప్పాను అన్నాను.

వంగి చూశాను, స్టాపరు రెండు వైపులా కన్నం తొలిచి లావుపాటి బోల్టులు, కొత్తవి, నా నలుపు మీద తెల్లగా మెరుస్తున్నాయి, ఆ పక్కనే నా రంగు పెచ్చులూడి ఒక చిన్న సొట్ట, గుండ్రంగా, వీల్ స్పానరు మొన అంత, అంటే పొద్దున బండి తీసే ముందు కొట్టి చూశాడు, టప్పుమని ఉంటుంది, మూలన ఎవరూ లేనప్పుడు ఒక్కటి కొట్టి, విని, ఎవరికీ చెప్పలేదు, డాక్టరుగారికి చెప్పలేదు, ఈ అమ్మాయికి చెప్పలేదు, చెప్పకపోగా నా నోట్లో మాట పెట్టాడు, మా తమ్ముడు చెప్పాడు అని, తనతో మాటల్లేని తమ్ముడు.

భాయ్ నా వైపు చూడలేదు, చెరువు వైపే చూస్తూ, నిన్న అన్నం వేళకి కరెంటు పోయిందా అన్నాడు, ఇన్నేళ్ళకి మొదటి మాట, పోయింది భాయ్ అన్నాను, అనుకున్నాన్లే అన్నాడు, కూజాలో నీళ్ళున్నాయి తాగు, పీనుగ మొహం వేసుకొచ్చావు, రేపు బండి తెస్తాను, సరిగ్గా వెయ్యి అన్నాడు, తెస్తాను అన్నాడు, పంపుతాను అనలేదు, నీళ్ళు తాగుతుంటే గొంతు దాటి చొక్కా మీదికి కారిపోతున్నాయి, చల్లగా ఉన్నాయి, ఇన్నాళ్ళూ ఆ ఠంగు నా నెత్తి మీద కొట్టినట్టే విన్నాను, కొత్త షెడ్డులో ఎవడూ కొట్టి చూడడు, అదే సుఖం అనుకున్నాను, ఎవడూ కొట్టి చూడకే ఇవాళ ఇంత దూరం చచ్చి పరిగెత్తుకొచ్చాను, రేపు రానీ, అతుకు వేస్తాను, రంగు కొట్టను, చల్లారాక సుత్తి నేనే తీసి ఇస్తాను, కోదండరామయ్యగారు ఎదురుగా కూర్చున్నా సరే, కొట్టి చూడు భాయ్ అంటాను.