కళ్ళకు కట్టినట్టు

మా గోల్ఫ్ రేంజిలో నన్ను పేరుతో పిలిచేవాళ్ళు లేరు. ఎదురుగా ఉన్నప్పుడు "మాస్టారూ" అంటారు, అటు తిరగ్గానే "కళ్ళుమూసుకో మాస్టారు" అంటారు. ఆ సంగతి నాకు తెలుసు. ఇరవై రెండేళ్ళుగా గోల్ఫ్ నేర్పుతున్నాను, వచ్చిన ప్రతివాడికీ మొదట చెప్పే మాట అదే మరి. కళ్ళు మూసుకో, బంతి ఎలా లేచిందో, ఎంత ఎత్తు పోయిందో, ఎక్కడ పడిందో మనసులో చూడు. పది బంతులు మనసులో కొట్టు, పదకొండోది నేల మీద కొట్టు. నవ్వేవాళ్ళు నవ్వుతారు. నెల తిరిగేసరికి బంతి తిన్నగా పోవడం మొదలవుతుంది, నవ్వు ఆగిపోతుంది.

రేంజి అంటే పెద్ద హంగేమీ లేదు. ఒక రేకుల షెడ్డు, అందులో నిలబడి బంతులు కొట్టడానికి వరసగా తొమ్మిది మ్యాట్లు, ఎదురుగా చుట్టూ వల కట్టిన ఖాళీ స్థలం. చివరి మ్యాటు పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంటుంది. అది ఊహించుకునే కుర్చీ. అందులో అందరికంటే ఎక్కువసేపు కూర్చున్నది మా అక్క కూతురు.

దాన్ని నేను పిడుగు అంటాను. తొమ్మిదేళ్ళప్పుడు, "ఇంట్లో ఒక్క సామానూ బతకనివ్వడంలేదురా, కాసేపు నీ దగ్గర ఉంచుకో" అని మా అక్క తెచ్చి నాకు అప్పగించింది. ఇప్పుడు దానికి ఇరవై. పగలంతా మా అక్క బట్టల రిపేరు దుకాణంలో జిప్పులు మారుస్తుంది, పొద్దున్నా సాయంత్రం నా దగ్గర బంతులు కొడుతుంది. జూనియర్ జట్టులో నలుగురికే చోటు. ఎంపిక పోటీకి ఇంకా ఎనిమిది రోజులుంది. వచ్చే ఏడు వయసు దాటిపోతుంది కాబట్టి దానికిదే ఆఖరి అవకాశం. ఈసారి రాకపోతే గోల్ఫ్ క్లబ్బులు అటక మీద పడేసి దుకాణంలోనే ఉండిపోతానని ముందే చెప్పేసింది. బెదిరించడం దానికి చేతకాదు, చెప్పిందంటే చేస్తుంది.

ఆఖరిది కదా అని ఈ ఏడు మొదటినుంచీ దాని ప్రతి షాటుకీ వెనక నుంచి ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాను. సరిగ్గా అప్పుడే దాని స్వింగు చెడింది. నాలుగు నెలల కిందటి దాకా గీత గీసినట్టు పోయిన బంతి ఇప్పుడు కుడివైపుకి వంగిపోతోంది. నాకు తెలిసిన మందు ఒకటే, ఊహ. దాని మోతాదు పెంచాను. ఐదు నిమిషాల కుర్చీని అరగంట చేశాను. కాళ్ళు దగ్గరపెట్టి కొట్టించాను, చంకలో తువ్వాలు ఇరికించి కొట్టించాను, అద్దం ముందు నిలబెట్టి నెమ్మదిగా తిప్పించాను. ప్రతిదానికీ ముందు, "ఇప్పుడేం కనిపిస్తోంది?" అని అడిగాను. మిగతా శిష్యుల్ని గాలికొదిలేసి దాని వెనకే నిలబడ్డాను. బంతి ఇంకాస్త వంగింది.

ఆ సాయంత్రం మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టి పద్నాలుగో హోల్‌ని ఊహించమన్నాను. పోటీ జరిగే మైదానంలోని పద్దెనిమిది హోల్స్‌లో అందరినీ ఏడిపించేది అదే. మధ్యలో కొలను, అవతలి ఒడ్డున చిన్న గడ్డి దిబ్బ మీద జెండా.

"కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది మావయ్యా. బంతి తెల్లగా లేచింది, నీళ్ళు దాటింది, జెండాకి ఎడమపక్క పడి రెండు గెంతులేసి ఆగింది."

ఆ మాటలు నావే, పొల్లుపోకుండా నావే. ఎప్పుడో నేను చెప్పిన పాఠాన్ని నాకే అప్పజెబుతోంది. పైగా వారం రోజులుగా మేము పసుపు బంతులు వాడుతున్నాం.

"తెల్లగా ఏంటే? నీ చేతిలో ఉన్నదేంటి?"

అది కళ్ళు తెరిచి గుప్పిట్లోని పసుపు బంతి వంక చూసుకుంది.

"మావయ్యా, నాకేం కనిపించదు."

"ఇవాళా?"

"ఎప్పుడూ. కళ్ళు మూసుకుంటే చీకటే. బంతీ ఉండదు, గడ్డీ ఉండదు. చూడమని నువ్వేదో మాటవరసకి అంటున్నావనుకున్నా. నిజంగానే మనుషులకి లోపల బొమ్మ కనిపిస్తుందని పోయినేడే తెలిసింది. అప్పటికే ఎన్నో ఏళ్ళుగా కనిపిస్తోందని చెబుతూ వచ్చా. ఇంక ఏ మొహంతో చెప్పను?"

నాకు ఒళ్ళు మండింది. ఎదుటివాళ్ళను అర్థం చేసుకోవాల్సిన సమయంలోనే నాకు ఒళ్ళు మండుతుంది, అది నా జబ్బు. "పదకొండేళ్ళు నా చెవిలో పువ్వులు పెట్టావన్నమాట! నిన్ను చూపించి ఎంతమందికి పాఠాలు చెప్పానే!" అని అరిచాను. మిగతా మ్యాట్ల మీద ఉన్నవాళ్ళు కొట్టడం ఆపేశారు. అది బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున రాలేదు. మధ్యాహ్నం నేనే దుకాణానికి వెళ్ళాను. మా అక్క ఒక కోటు చేతుల అస్తరు విప్పుతోంది. లోపలి గదిలోంచి మిషను చప్పుడు వస్తోంది. ఎవరు తొక్కుతున్నారో అడగక్కర్లేదు, అంత కసిగా కుట్టేది మా ఇంట్లో ఒక్కతే.

పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని మాట్లాడటం మా అక్కకి అలవాటు. "ఒరేయ్, దాన్ని ఏమన్నావురా?" అంది.

"చూడమంటే చూడకుండానే చూశానని చెప్పింది. ఇన్నేళ్ళూ."

"నువ్వు చూడమన్నావా, కట్టమన్నావా?"

"కట్టడమేంటి?"

మా అక్క సూదులు తీసి డబ్బాలో వేసింది, నవ్వడానికి. "నీ దగ్గర చేరిన మొదటి వారం. నా స్కార్ఫు ఎత్తుకెళ్ళి కళ్ళకు గంతలు కట్టుకుని పెరట్లో క్లబ్బు తిప్పుతోంది. రెండు పూలకుండీలు పోయాయి. ఇదేం ఆటే అంటే, 'షాటు ముందు కళ్ళకు కట్టాలి, ఆ తర్వాతే కొట్టాలన్నాడు మావయ్య' అంది. గోల్ఫంటే అంతేనేమో అనుకున్నా నేనూ. ఆర్నెల్లు అట్లాగే తిప్పిందిరా!"

నిజమే, అది నా ఊతపదం. కళ్ళకు కట్టాలి అంటే ఎదురుగా జరుగుతున్నట్టు కనిపించాలని. తెలుగు మాట్లాడే పెద్దవాళ్ళెవరికైనా అదే అర్థం. తొమ్మిదేళ్ళ పిల్లకి మాత్రం స్కార్ఫు అని అర్థమైంది. నాకు నవ్వొచ్చింది, నవ్వు మధ్యలోనే ఒక లెక్క తట్టింది. ఆ ఆర్నెల్లు గడిచాకే కదా దాని స్వింగు చూసి తోటి కోచ్‌లు నన్ను మెచ్చుకున్నది! ఆ మెప్పంతా నా కుర్చీదే అనుకున్నాను.

"గంతలు కట్టుకుని ఏం చేసేదానివే?" అని లోపలికి వినిపించేలా అడిగాను.

మిషను ఆగింది. "వినేదాన్ని."

గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "మొదటి రోజు క్లబ్బు తిరగేసి పట్టుకుని ఊరికే గాల్లో తిప్పమన్నావు గుర్తుందా? సుయ్‌మని చప్పుడొస్తుంది, అది బంతి ఉండాల్సిన చోటు దాటాక ఎడమకాలి దగ్గర రావాలన్నావు. ముందే వచ్చిందంటే బంతిని చేరకముందే సత్తువ అయిపోయినట్టు అన్నావు. కళ్ళు కట్టేసుకుంటే ఆ చప్పుడు ఎక్కడొస్తుందో బాగా తెలిసేది. ఇప్పటికీ కొట్టేముందు నాకు వచ్చేది అదే. బొమ్మ రాదు. చప్పుడు, చేతుల్లో కాస్త బరువు, అంతే."

"మరి ఇప్పుడేమైంది ఆ చప్పుడుకి?"

"వెనకాల నిలబడి నువ్వు మాట్లాడుతుంటే వినపడట్లేదు మావయ్యా."

మా అక్క గబుక్కున మళ్ళీ సూదులు నోట్లో పెట్టుకుంది. ఈసారి నవ్వు ఆపుకోవడానికేనని నాకు తెలుసు.

ఏదో ఒకటి అడగాలని, "పోనీ, నేను ఎదురుగా లేనప్పుడు నా మొహమైనా గుర్తొస్తుందా?" అన్నాను.

"రాదు. తిట్లు మాత్రం వినిపిస్తాయి."

మిగిలిన రోజులు నోరు మూసుకున్నాను. ఇది రాయడానికి నాలుగు మాటలు, చేయడానికి నాకు ప్రాణం మీదికొచ్చింది. అది క్లబ్బు తిరగేసి, తువ్వాలుతో కళ్ళు కట్టుకుని, వందసార్లు గాల్లో తిప్పేది. తర్వాత తువ్వాలు తీసి ఒక్క బంతి కొట్టేది. నేను మా అక్కలాగే బంతి నిలబెట్టే చెక్క టీలు రెండు పళ్ళ మధ్య బిగించి దూరంగా నిలబడేవాణ్ణి. అలా ఊరుకున్నాక మొదటిసారి నాకూ ఆ చప్పుడు వినిపించింది. మొదట్లో కుడికాలి దగ్గరే వచ్చేది. రోజురోజుకీ అంగుళం అంగుళం జరిగి ఐదో రోజుకి ఎడమకాలు చేరింది. ఆ పూట బంతి మళ్ళీ గీత గీసినట్టు పోయింది. శభాష్ అనబోయి ఆపుకున్నాను, ఒక టీ విరిగింది.

పోటీకి ముందు రోజు సాయంత్రం బ్యాగు సర్దుకుంటూ, తల ఎత్తకుండా అడిగింది. "మావయ్యా, రేపు నువ్వు రాకుండా ఉంటావా?"

"నోరు మూసుకునే ఉంటాను కదే."

"నువ్వు మూసుకున్నా నాకు వినిపిస్తావు."

సరేనన్నాను. చాలా బాధేసింది, దాచుకోవడమెందుకు. దాని ప్రతి పోటీకీ బ్యాగు మోసింది నేను. కానీ అడగడానికి అదెంత మథనపడిందో దాని చేతులు చెబుతున్నాయి. సర్దిన చేతి తొడుగునే మూడుసార్లు సర్దింది.

మర్నాడు సెలవు బోర్డు పెట్టి ఖాళీ షెడ్డులో ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. కళ్ళు మూసుకుని దానితోపాటు ఒక్కొక్క హోలూ ఆడుకుంటూ వెళ్ళాను. మొదటి పదమూడూ అద్భుతంగా ఆడింది. పద్నాలుగో దగ్గర బంతి లేచింది, కొలను మధ్యలో పడింది. కాదని మళ్ళీ కొట్టించాను. మళ్ళీ పడింది. నీళ్ళు చిమ్మడం, వలయాలు తేలడం, అన్నీ స్పష్టంగా కనిపించాయి. ఏడుసార్లు కొట్టించాను.

ఇది ఇవాళ కొత్తగా పట్టుకున్నది కాదు. ఇరవై మూడేళ్ళ కిందట ఒక పోటీలో ఒక్క దెబ్బ ఆధిక్యంతో ఇలాంటి కొలను ముందు నిలబడ్డాను. కొట్టకముందే బంతి మునగడం కళ్ళకు కట్టినట్టు కనిపించింది. కొట్టాను, మునిగింది. ఆ తర్వాత నీళ్ళు ఎదురైన ప్రతిచోటా నాకు ఆ ఒక్క బొమ్మే. భుజం నొప్పని అందరికీ చెప్పి ఆట మానేశాను, నేర్పడం మొదలుపెట్టాను. ఇంతమందికి మంచి షాట్లు చూపిస్తే నా బొమ్మ కూడా మారుతుందని ఎక్కడో ఆశ. నీకేం కనిపిస్తోందని నన్నెవరూ అడగలేదు. అడిగేవాణ్ణి నేను కదా.

నాలుగింటికి గేటు చప్పుడైంది. పిడుగు వచ్చింది, బూట్ల నిండా బురద.

"నాలుగో స్థానం" అంది. "ఆఖరి చోటే. అయినా చోటు చోటే కదా."

లేచి దాని తల మీద చేయి పెట్టాను. కళ్ళు తుడుచుకోవాలని కూడా గుర్తురాలేదు. "పద్నాలుగు?" అన్నాను.

"దాటేసింది. జెండాకి బారెడు దూరంలో పడింది."

"అన్ని నీళ్ళు ముందుంటే భయం వేయలేదా?"

"కొట్టేటప్పుడు కిందకి బంతి వంక చూస్తాం కదా మావయ్యా. ఇంక నీళ్ళెక్కడ కనిపిస్తాయి?"

అంత మామూలుగా అనేసి మ్యాటు మీద చతికిలబడి లేసులు విప్పుకోసాగింది. నేను మళ్ళీ ఆ కుర్చీలోనే కూర్చున్నాను. తల దించుకోగానే కొలను మాయమైపోయే మనిషి ఒకత్తి ఉందని, ఆ మనిషికే నేను పదకొండేళ్ళు కొలను చూపించబోయానని అప్పుడర్థమైంది.

"నువ్విక్కడ ఊహించుకునే ఉంటావుగా. నీకెలా పడింది?" అంది.

అబద్ధం నోటిదాకా వచ్చింది. తెల్లగా లేచింది, నీళ్ళు దాటింది, రెండు గెంతులేసి ఆగింది. ఆ పాఠం నాకు కంఠతా వచ్చు.

"నీళ్ళలో పడింది" అన్నాను. "ఏడుసార్లు. ఇవాళొక్కటే కాదే, ఎప్పుడూ అంతే. నీళ్ళు దాటిన బంతి నాకు ఒక్కసారి కూడా కనిపించలేదు. కనిపించినట్టు ఇరవై రెండేళ్ళుగా మీ అందరికీ చెబుతూ వచ్చాను."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. లేసు వదిలేసి నా వంకే చూస్తూ కూర్చుంది.

"అయితే మావయ్యా, ఇన్నేళ్ళూ ఒకరికొకరం అబద్ధాలే చెప్పుకున్నామన్నమాట."

"నువ్వు చెప్పింది పదకొండేళ్ళే" అన్నాను.