వెనక సీటుకి తెలిసిన అడవి

నేను ఒక సైకిల్ని. పుట్టుకతోనే ఇద్దరు మనుషుల్ని మొయ్యమని నుదుట రాసిపెట్టిన సైకిల్ని. రెండు సీట్లు, రెండు జతల పెడళ్ళు, రెండు హ్యాండిళ్ళు. తిరిగేది మాత్రం ముందు హ్యాండిలు ఒక్కటే. వెనకది ఊరికే పట్టుకోవడానికి. బ్రేకులూ గేర్లూ కూడా ముందువాళ్ళ చేతిలోనే. వెనక కూర్చున్న మనిషి చెయ్యగలిగింది రెండే పనులు: తొక్కడం, నమ్మడం. తొక్కడం ఎవరైనా నేర్చుకుంటారు. రెండోది ఎంత కష్టమో నేను కళ్ళారా చూశాననలేను, నాకు కళ్ళు లేవు. టైర్లారా తెలుసుకున్నాను.

ఫ్రాన్సు దేశంలో సాంతెత్యేన్ అని ఒక పట్టణం ఉంది. ఒకప్పుడు బొగ్గుకీ సైకిళ్ళకీ పేరుపడ్డ ఊరు. అక్కడ ఒక ఇరుకు సందులోని కార్ఖానాలో ఒడెత్ అనే ఆవిడ ఉక్కు గొట్టాలు కోసి, మంటతో అతికి, నన్ను నిలబెట్టింది. కొండల్లో, అడవి బాటల్లో తిరగాల్సినదాన్ని కనక లావుపాటి గరుకు టైర్లు వేసింది. ముందు చక్రానికి రాళ్ళ దెబ్బలు మింగే షాకులు బిగించింది. నన్ను అప్పగించేటప్పుడు, "మీరిద్దరూ ఒకరిమీద ఒకరు అరుచుకోకుండా ఉంటే ఇది మీకంటే ఎక్కువకాలం బతుకుతుందండీ" అంది నవ్వుతూ.

ఆ షరతు మొదటి రోజే తప్పింది.

నన్ను చేయించుకున్నవాళ్ళు బెర్నార్, జోజెట్ అనే దంపతులు. అప్పుడే ఉద్యోగాలు మాని, ఫోరే కొండల్లో వాల్‌బ్రూన్ అనే పల్లెలో ఇల్లు కట్టుకున్నారు. ముందు సీటు తనదేనని బెర్నార్ ఎవర్నీ అడక్కుండానే ఎక్కేశాడు. మొదటి ఎత్తులోనే ఇద్దరికీ ఒకే అనుమానం వచ్చింది, అవతలివాళ్ళు తొక్కడం లేదని. నిజానికి ఇద్దరూ తొక్కుతూనే ఉన్నారు. ఆ సంగతి చెప్పడానికి నాకు నోరు లేదు. సగం కొండ ఎక్కేసరికి జోజెట్ దిగిపోయింది.

"ముప్ఫై ఏళ్ళ నుంచీ ఇంట్లో నీ వీపే చూస్తున్నాను. ఇంత దూరం వచ్చి అడవిలో కూడా అదే చూడాలా?" అని, చెట్లు చూసుకుంటూ నడిచి ఇంటికి వెళ్ళిపోయింది.

నన్ను షెడ్డులో కొక్కేలకి తగిలించారు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఎంతో అన్యోన్యంగా ఉన్నారని విన్నాను. అందుకు నేను చేసిన సాయం కదలకుండా వేలాడటమే.

ఒక వేసవిలో ఊరి జనమంతా పాత సామాన్లు వీధిలో పెట్టి అమ్ముకునే సంత జరిగింది. పూలకుండీల పక్కన నన్ను నిలబెట్టారు. అక్కడ నన్ను చూసి ఆగినవాడు లోవరాజు. గోదారి ఒడ్డున యానాం ఉంది కదా, ఫ్రెంచివాళ్ళు చాలాకాలం ఏలిన మన తెలుగు ఊరు. అతనిది ఆ ఊరు. తండ్రి ఫ్రెంచి సైన్యంలో పనిచెయ్యడంతో కుర్రతనంలోనే ఈ దేశం వచ్చి, వాల్‌బ్రూన్‌లో వృద్ధుల ఆశ్రమానికి వంటవాడుగా స్థిరపడ్డాడు. నన్ను కొని, తన ఇంటికి నడిపించుకుంటూ తీసుకెళ్ళి, వాకిట్లో నిలబెట్టి కేకేశాడు.

"నూకా! ఒకసారి బయటికి రా."

తలుపు పట్టుకుని, అడుగు తడుముకుంటూ ఒకావిడ వచ్చింది. నూకరత్నం. అతని చెల్లెలు. యానాంలో ఆడపిల్లలకి కుట్టుపని నేర్పేది. చూపు అంచుల నుంచి లోపలికి మూసుకుపోయే జబ్బు ఏదో పట్టుకుని, సూది బెజ్జం మొదలుకుని మనుషుల ముఖాల దాకా ఒక్కొక్కటే తీసుకుపోయింది. చివరికి వెలుతురు కూడా పోయాక అన్న తన దగ్గరికి తెచ్చుకున్నాడు. వచ్చిన దగ్గర్నుంచీ కిటికీ పక్క కుర్చీ దిగలేదట. భాష రాదు, ఊరు చూడలేదు. "నాకు ఏ దేశమైతే ఏంటన్నయ్యా, అన్నిటిదీ ఒకటే రంగు" అనేదట.

ఆవిడ చేతులు నా మీద పడ్డాయి. ముందు చక్రం దగ్గర మొదలుపెట్టి వెనక చక్రం దాకా నెమ్మదిగా తడిమింది.

"ఇదేంటన్నయ్యా, ఇంత పొడుగుంది? సైకిలా, పడవా?"

"ఇద్దరు తొక్కేదే. ముందు నేను, వెనక నువ్వు."

ఆవిడ వేళ్ళు ఒక అతుకు దగ్గర ఆగాయి. "ఎవరో గానీ కుట్టు తెలిసిన చెయ్యే" అంది. పుట్టాక నన్ను అలా చూసిన మొదటి మనిషి ఆవిడే.

"ఎక్కుతావా మరి?"

"నేనా? నీకేమైనా మతిపోయిందా?"

"ముందు నేనుంటాను కదే!"

"నువ్వుంటావనే కదా నా భయం. చిన్నప్పుడు నన్ను ఎక్కించుకుని పంటకాలవలో పడేసింది ఎవరు?"

"అబ్బా, అదెప్పటి మాటే!"

"ఆ నీళ్ళు ఇంకా నా ముక్కులోనే ఉన్నాయి."

అయినా ఎక్కింది. ఎందుకు ఎక్కిందో అప్పుడు తెలియలేదు. కుర్చీలో కూర్చోవడం కంటే కాలవలో పడటం నయమనిపించిందని చాలాకాలానికి ఎవరితోనో అంటుంటే విన్నాను.

మొదటి రోజు వెనక హ్యాండిలు పట్టు ఎంత గట్టిగా ఉందంటే, రబ్బరు మీద ఆవిడ వేళ్ళ గుర్తులు పడ్డాయి. ఒక్క గులకరాయి ఎగిరినా వెన్ను బిగుసుకుపోయేది. రెండుసార్లు దిగిపోయింది. మూడోసారి ఆవిడే ఒక కట్టుబాటు పెట్టింది. "నాకు ముందుగా చెప్పాలి. గుంటొస్తే గుంట, మలుపొస్తే మలుపు. చెప్పకుండా ఏం జరిగినా ఊరుకోను."

అప్పట్నించీ ఆ ఫ్రెంచి అడవిలో గోదారి తెలుగు మోగింది. "గుంటా! ఎడమా! కొమ్మ, తలొంచు! తొక్కుడాపు!" ఎదురుగా నడిచొచ్చే వాళ్ళు అదేదో మంత్రం అనుకుని, మర్యాదగా దారిచ్చి నిలబడేవాళ్ళు.

వేసవి ముగిసేలోపు ఆవిడ వెన్ను వదులైంది. ఒకరోజు పెద్ద పల్లం దిగుతున్నప్పుడు, గాలి చెవుల్లో హోరెత్తిపోతుంటే, వెనక నుంచి ఒక శబ్దం వచ్చింది. లోవరాజు అదిరిపడి బ్రేకు వేశాడు.

"ఏమైందే?"

"నవ్వానన్నయ్యా. ఆపకు, ఆపకు!"

అడవి గురించి చెప్పాలి. కొండ మొదట్లో బీచ్ అనే చెట్లు, స్తంభాల్లాగా నున్నగా, ఎత్తుగా ఉంటాయి. వాటి కింద ఎండుటాకులు నా టైర్ల కింద అప్పడాల్లా విరిగేవి. పైకి పోయే కొద్దీ ఫర్ చెట్లు. వాటి సూదుల్లాంటి ఆకులు రాలి రాలి నేల బొంతలా మెత్తబడి, నేను నడుస్తున్నానో లేదో నాకే తెలిసేది కాదు. అదే సమయానికి వెనక సీట్లోంచి, "చెట్లు మారాయి కదూ? ఇందాకటిది ఆకుల గాలి, ఇది సూదుల గాలి" అనేది నూకరత్నం. ముందు కూర్చున్న కళ్ళున్న మనిషి ఇంకా ఆ సంగతి గమనించి ఉండేవాడు కాదు. నేల నుంచి నాకు తెలిసేదీ గాలి నుంచి ఆవిడకి తెలిసేదీ ఒకటే కావడం నాకు ఇప్పటికీ వింతే.

లోవరాజుకి ఒక అలవాటుంది. చెల్లెలికి లోటు తెలియకూడదని, కనిపించేదల్లా వర్ణిస్తూ పోయేవాడు. ఏమీ కనిపించకపోతే కల్పించేవాడు. "అదిగోనే, ఎదురు కొండ మీద కోట, దానికి మూడు బురుజులు!" అనేవాడు. అక్కడ కోట లేదు, గోడా లేదు. ఆవిడ "అలాగా" అనేది.

అప్పుడు వచ్చింది ఆ శరదృతువు.

ఆ రోజు ఉదయం ఆకాశం తేటగా ఉందని అడవి దాటి పైన మైదానం దాకా ఎక్కించారు నన్ను. కొండ నెత్తిన చెట్లు ఉండవు; మోకాలెత్తు పొదలు, బండరాళ్ళు, వేసవిలో పశువుల కాపరులు ఉండే పాత రాతి గుడిసెలు. ఒక పక్క నేల ఉన్నట్టుండి తెగి లోయలోకి పడిపోతుంది. వెనక్కి తిరిగేవేళకి మబ్బు దిగింది. ముందు పల్చగా, తర్వాత పాలమీగడలా. చివరికి నా హ్యాండిలు కూడా లోవరాజు చేతులకి అందుతోందిగానీ కళ్ళకి ఆనడం లేదు.

అయినా వర్ణన ఆపలేదు. "ఎంత బావుందనుకున్నావే! లోయ, నది, ఊళ్ళు అన్నీ కనిపిస్తున్నాయి."

"అన్నయ్యా."

"ఊఁ?"

"నా రెప్పల మీద నీళ్ళు చేరాయి. నీ గొంతు గుడ్డలో చుట్టినట్టుంది. మబ్బులో ఉన్నాం కదా మనం?"

నా చక్రాలు ఆగాయి. లోవరాజు ఫోను తీశాడు, సిగ్నలు లేదు. చలి పెరుగుతోంది.

"నాకేం కనపడ్డం లేదే నూకా" అన్నాడు చివరికి. "ఆ అంచు ఏ పక్కనుందో కూడా తెలీడం లేదు."

ఆవిడ దిగి, అతని భుజం వెతికి పట్టుకుంది.

"కంగారుపడకన్నయ్యా. మొదట్లో అలాగే ఉంటుంది."

అలా అని చెవులప్పగించి నిలబడింది. ఎక్కడో దిగువన మేకపిల్ల మెడలోదంత సన్నగా ఒక ఆవు గంట మోగింది. చలికాలానికి ఆవుల మందని ఇంకా కిందికి దింపలేదన్నమాట. "వచ్చేటప్పుడు ఆ గంటలు నా కుడిచెవికి వినపడ్డాయి. ఇప్పుడు ఎడంచెవికి పెట్టుకుంటే సరి. చెక్క వంతెన ఒకటి దాటాం, ఆ తర్వాతే రాళ్ళు మొదలయ్యాయి. ముందు వంతెన దాకా పోదాం. నువ్వు వెనక్కి రా."

ముందు హ్యాండిలు ఆవిడ చేతికొచ్చింది. ఎవరూ ఎక్కలేదు. ఆవిడ నన్ను తోస్తూ ముందు నడిచింది, అతను వెనక సీటు పట్టుకుని నడిచాడు. నా ముందు చక్రమే ఆవిడకి చేతికర్ర. అది రాయిని తాకితే ఆగేది, గడ్డిలోకి జారితే బాటకి తిప్పేది. నేను తాకినదల్లా నా ఉక్కు గుండా ఆవిడ మణికట్లకి చేరేది. ఇద్దర్ని మొయ్యాలని పుట్టినదాన్ని, ఎవర్నీ మొయ్యకుండా అంత పనికొచ్చిన రోజు నాకు ఇంకొకటి లేదు.

అలా పోతుండగా కొండ గర్జించింది.

అది పులి కాదు, ఉరుము కాదు. గొంతులోంచి కాక నేల లోపల్నుంచి తవ్వి తీసినట్టున్న అరుపు. టైర్ల లోపలి గాలి కూడా వణికింది. అది జింకలు జతకట్టే కాలం. మగ దుప్పి పిలుపు అది. మళ్ళీ వినిపించింది, ఈసారి చాలా దగ్గర. రాళ్ళ మీద గిట్టల చప్పుడు. లోవరాజు నా సీటుని లాగి పరిగెత్తబోయాడు.

"కదలకు" అంది నూకరత్నం గొంతు తగ్గించి.

మబ్బులోంచి అది వచ్చి మా ఎదుట నిలబడింది. తడిసిన బొచ్చు వాసన, బురద వాసన, అడవంతటినీ నమిలి పీల్చినట్టున్న వాసన. దాని ఊపిరి వెచ్చగా నా హ్యాండిలు మీద పడింది, చల్లటి ఉక్కు మీద నీటి బొట్లు కట్టింది. ఆ ఊపిరే ఆవిడ వేళ్ళ మీదా పడింది. ఆవిడ చెయ్యి తియ్యలేదు, చాపనూ లేదు. ఆ క్షణంలో మేం ముగ్గురం, అదీ, ఆ కొండా ఒక్క ఊపిరి పంచుకుంటున్నట్టుంది. ఎవరు ఎవర్ని ప్రాణాలతో వదిలిపెడుతున్నారో తెలియలేదు. తర్వాత గిట్టలు నింపాదిగా పక్కకి తిరిగి, పొదల్ని తోసుకుంటూ వెళ్ళిపోయాయి.

చాలాసేపటికి నూకరత్నం అడిగింది, "ఎలా ఉందన్నయ్యా?"

లేని కోటకి బురుజులు కట్టిన మనిషి చెంపలు తుడుచుకున్నాడు. "నాకు చేతకాదే" అన్నాడు.

"ఫర్వాలేదులే. నాకు తెలిసింది" అంది ఆవిడ.

చెక్క వంతెన నా చక్రం కింద డబడబలాడినప్పుడు ఆవిడ గట్టిగా ఊపిరి వదిలింది. ఆ తర్వాత సూదుల బొంత, ఆ తర్వాత విరిగే ఆకులు. బీచ్ చెట్ల మధ్యకి వచ్చేసరికి మబ్బు పలచబడి అతనికి దారి కనిపించింది. అయినా ముందుకి రాలేదు. ఊరి మొదటి ఇంటి దాకా వెనకే నడిచాడు.

ఆ తర్వాత ఎన్నో శరత్తులు తిరిగాం. ఆవిడ భాష నేర్చుకుంది, ఊళ్ళో అందరూ ఆవిడకి తెలిశారు. ఒక వసంతంలో నా నడుం గొట్టానికి జుట్టంత పగులు కనిపించింది. మెకానిక్కు వేలితో రాసి చూసి, ఇక కొండలకి పనికిరాదన్నాడు. అన్నాచెల్లెళ్ళు ఇంకో రెండు సీట్ల సైకిలు తెచ్చుకున్నారు. నన్ను వాల్‌బ్రూన్ పాత బడిలోని చిన్న మ్యూజియానికి ఇచ్చారు. నా పక్కన చెక్కచెప్పులు, జున్ను అచ్చులు, ఒక నాగలి. అందరి ముందూ ఒక్కో బోర్డు: ముట్టుకోరాదు.

మొదటి వారమే నూకరత్నం వచ్చి నా సీటు మీద చెయ్యి వేసింది. మ్యూజియం చూసుకునే క్లోదిన్ అనే ఆవిడ పరిగెత్తుకొచ్చింది.

"మేడమ్, ముట్టుకోకూడదండీ!"

"మరి నేను చూసేదెలాగండీ?"

క్లోదిన్ నా ముందున్న బోర్డు తీసింది. ఆ తర్వాత నాగలి ముందుదీ, చెక్కచెప్పుల ముందుదీ కూడా తీసేసింది. ఇప్పుడు వచ్చినవాళ్ళంతా అన్నిటినీ తడుముతున్నారు. కళ్ళున్నవాళ్ళయితే మొదట బెరుకుగా చుట్టూ చూస్తారు. తర్వాత జున్ను అచ్చులో వేలు పెట్టి పిల్లల్లా నవ్వుతారు.

నిన్న నూకరత్నం ఒకతన్ని వెంటబెట్టుకొచ్చింది. అతని పేరు గీ, కొత్తగా చూపు పోయిన వడ్రంగి. ఎవరితోనూ మాట్లాడటం మానేశాడట. నా రెండు హ్యాండిళ్ళూ, రెండు సీట్లూ తడిమాడు. వెనక సీటు దగ్గర అతని చెయ్యి ఆగింది.

"ఇక్కడ కూర్చుంటే ఏం తెలుస్తుందండీ?" అన్నాడు.

ఆవిడ అతని చెయ్యి నా మీద నుంచి తీసి తన భుజం మీద వేసుకుంది. తలుపు తెరుచుకుంది. బయట లోవరాజు కొత్త సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. కొండ మీంచి ఫర్ సూదుల గాలి లోపలికి వచ్చింది. మెట్లు దిగుతూ గీ ఒక్కసారి ఆగి, ముఖమెత్తి, ఆ గాలిని పీల్చడం విన్నాను.