ముందు ఒకసారి, తర్వాత ఒకసారి

మా ఆయన రేడియోలో పాటలు వేస్తారు. ఆదివారం తప్ప రోజూ, మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా. ఇరవై రెండేళ్లుగా వేస్తున్నారు గానీ ఒక్క పాటకైనా పేరు చెప్పిన పాపాన పోలేదు. పాట అయిపోగానే "విన్నారుగా" అంటారు. ఏం విన్నామో చెప్పొద్దూ? "ఇప్పుడు ఇంకోటి" అంటారు. ఇంకోటి అంటే ఏది? ఎవరు రాశారు, ఎవరు పాడారు, ఆ ఊసే ఉండదు. ఎండ ఎలా ఉందో చెబుతారు. స్టేషన్ కిటికీ మీద వాలిన పావురం గురించి అయిదు నిమిషాలు చెబుతారు. ఆ పావురానికున్న విలువ కూడా పాటకు లేదన్నమాట.

ఇంట్లోనూ అంతే. "అది ఇటివ్వు." "దాన్ని అక్కడ పెట్టు." అది అంటే చెంచానా, కళ్లజోడా, బీరువా తాళమా అన్నది ఆయన చూపు ఎటుందో చూసి నేనే కనిపెట్టాలి. ఇక నేనంటారా, నేను "ఇదిగో"ని. పెళ్లయి ఇరవై ఆరేళ్లు. నాకూ ఒక పేరుంది, మా నాన్న ఏరికోరి పెట్టింది. ఆయన నోట అది ఒక్కసారీ వినలేదు. నేను మాత్రం పేరు పెట్టి పిలుస్తానా, "ఏవండీ" అనే అంటాను. కానీ నాది మర్యాద, ఆయనది బద్ధకం.

నాది మందుల షాపు. అక్కడ పేరే ప్రాణం. ఒక్క అక్షరం తేడా వస్తే కాళ్ల నొప్పి మనిషికి కడుపునొప్పి మాత్ర పోతుంది. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన నెలనెలా వచ్చి, మొన్న ఇచ్చిన పచ్చ మాత్రే కావాలంటాడు. పచ్చ మాత్ర బాబాయి అని నేనే పేరు పెట్టాను. పచ్చవి నలభై రకాలున్నాయి, పేరు నేర్చుకుని రమ్మని కసిరి పంపిస్తాను. మెట్లు దిగేలోపు మళ్లీ పిలిచి ఇస్తాను. ఇచ్చే ప్రతి కవరు మీదా ఎర్ర పెన్నుతో రాస్తాను: భోజనానికి ముందు ఒకటి, తర్వాత ఒకటి. కింద రెండు గీతలు. ఆ గీతలు లేకపోతే జనం లెక్కచెయ్యరు.

కౌంటరు కింద, దూది పెట్టెల వెనకాల నా దగ్గర ఒక చిన్న రేడియో ఉంది. రెండింటికి బేరాలు తగ్గుతాయి. షట్టరు సగం దించి వింటాను, రోజూ వింటాను. ఈ సంగతి ఆయనకు తెలియదనే అనుకున్నాను. పెళ్లయిన కొత్తలో కాదు గానీ, ప్రోగ్రాం మొదలుపెట్టిన కొత్తలో ఎలా ఉందని అడిగేవారు. బాగుందంటే ఎక్కడ అలుసైపోతానో అని, షాపులో రద్దీ, వినే తీరికెక్కడిది అనేదాన్ని. మొదట పంతం, తర్వాత అలవాటు. కొన్నాళ్లకు ఆయనా అడగడం మానేశారు.

రెండేళ్ల కిందట ఒక పాట వేశారు. చిన్నప్పుడెప్పుడో విన్న పాట. ఎక్కడ విన్నానో గుర్తు రాదు, మాటలు రావు, వరస మాత్రం వదలదు. వారం రోజులు నా బుర్ర తినేసింది. ఇంట్లో అడుగుదామంటే వినలేదన్న మాట అడ్డమాయె. అందుకని స్టేషన్‌కు ఉత్తరం రాశాను. నీలం పెన్నుతో, అక్షరాలు ఎడమకు వాల్చి, ఎవరూ పోల్చుకోకుండా. పాటల పేర్లు చెబితే ఆ పెద్దమనిషి నోటి ముత్యాలు రాలిపోతాయా అని దులిపి, పాటకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి పేరు చెప్పవలెను అని ముగించి, కింద రెండు గీతలు కొట్టి, "ఒక శ్రోత" అని సంతకం చేశాను. పేరు చెప్పమని పేరు లేకుండా రాయడమేమిటని మీకు అనిపించొచ్చు. అడక్కండి.

జవాబు రాలేదు. నెలకొకటి రాస్తూనే ఉన్నాను. నా నోట్లో నువ్వు గింజ నానదని మా ఆడపడుచు అంటూ ఉంటుంది గానీ, ఈ ఒక్క ముక్క మాత్రం రెండేళ్లు దాచాను. ఉత్తరం పడేసిన రోజు ఆయన మొహం చూస్తూ వడ్డించడం సరదాగా ఉండేది. ఆయన మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు తిని లేచేవారు.

ఈ ఏడు స్టేషన్‌కు కొత్త ఆఫీసరమ్మ వచ్చింది. ఆవిడ ఫైళ్లు తిరగేస్తే ఇరవై నాలుగు ఉత్తరాలు బయటపడ్డాయి. పాతాయన వాటిని మా ఆయనకోసారి చూపించి, నవ్వుకుని పక్కన పడేసేవాడట. ఈవిడ నవ్వే రకం కాదు. రాసింది ఒక్కరే అయినా, రాయకుండా తిట్టుకునేవాళ్లు ఎంతమందో అందట. శుక్రవారం నుంచి ప్రతి పాటకూ పేరు చెప్పాలి. ఆ తర్వాత నెల లోపల ఇంకొక్క ఫిర్యాదు వచ్చినా ప్రోగ్రాం తీసేస్తారు, ఆ గంటసేపు కంప్యూటరే పాటలు వేసుకుంటుంది.

ఆ సాయంత్రం ఆయన సంచి పక్కన పెట్టి బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నారు. విషయం చెప్పారు. నేను తవ్విన గోతిలో ఆయన పడ్డారు. రాసింది నేనేనని చెప్పాలనే నోరు తెరిచాను, కానీ బయటికి వచ్చింది వేరే మాట.

"చెప్పేస్తే పోలా? పేరే కదా."

"పేరు చెప్పాననుకో, ఓ అదా అనుకుని వాళ్ల పనిలో వాళ్లు పడిపోతారు," అన్నారు. "చెప్పకపోతే, ఇదేం పాటా అని చివరిదాకా వింటారు. ఆ అద్దాల గదిలో నేనొక్కణ్నే కదా కూర్చునేది. ఎదురుగా మనిషి ఉండడు. ఎక్కడో ఎవరో ఆ పాట కోసం బుర్ర గోక్కుంటున్నారు అనుకుంటేనే నాకు మాట వస్తుంది."

ఇరవై రెండేళ్లుగా దాన్ని బద్ధకమనుకున్నాను. సిగ్గేసింది. ఆ గంట లేకపోతే ఈ మనిషి ఏమైపోతారో అని భయమూ వేసింది. ఎందుకంటే రోజు మొత్తం మీద ఆయన మనసు విప్పి మాట్లాడేది ఆ గంటే.

గురువారం సాయంత్రం బల్ల మీద వస్తువులన్నీ పరిచి ఆయనకు పాఠం పెట్టాను. అది అంటే ఊరుకోనన్నాను. "చెంచా" అన్నారు, నేరం ఒప్పుకుంటున్నట్టు. "కత్తెర" అన్నారు. "కళ్లజోడు" అన్నారు. ఆఖర్న నా వైపు చూసి, "ఇదిగో, ఇక చాల్లే" అని లేచి వెళ్లిపోయారు.

శుక్రవారం ఒంటిగంటన్నరకే షట్టరు సగం దించాను. సరిగ్గా రెండింటికి పచ్చ మాత్ర బాబాయి సందులోంచి వంగి లోపలికొచ్చాడు. మందు కవరు చేతిలో పెట్టి, మాట్లాడకుండా కూర్చోమని స్టూలు చూపించాను.

పేర్లు చెప్పారు. ముందు ఒకసారి, తర్వాత ఒకసారి. ఎవరు రాశారో, ఎవరు పాడారో, ఒక్కటీ వదల్లేదు. నిజం చెప్పొద్దూ, మందుల జాబితా చదివినట్టుంది. ఎండ లేదు, పావురం లేదు. రెండో పాట సగంలోనే నేను లేచి అలమర సర్దడం మొదలుపెట్టాను. ఆయన చెప్పినట్టే అయింది. పావురం ఏమైందో అని మాత్రం దిగులేసింది.

మూడు కావస్తుండగా ఆయన గొంతు మారింది.

"చివరి పాటకు ముందు ఒక సంగతి చెప్పాలి. రెండేళ్లుగా నాకు ఒక శ్రోత ఉత్తరాలు రాస్తున్నారు. పాటకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి పేరు చెప్పవలెను అని. కింద రెండు గీతలు. మా ఇంట్లో మందు కవర్ల మీద కూడా సరిగ్గా ఇలాగే ఉంటుంది."

బాబాయి తన చేతిలో కవరు చూసుకున్నాడు. తర్వాత నన్ను చూశాడు. నేను దూది పెట్టెల్ని చూశాను.

"మొదటి ఉత్తరమే పట్టిచ్చేసింది," అన్నారు ఆయన. "నా ప్రోగ్రాం వినడానికి తీరిక లేదన్న మనిషి, రోజూ వింటోందని తెలిసింది. పేర్లు చెబితే ఆ ఉత్తరాలు ఆగిపోతాయన్న భయంతోనే చెప్పకుండా ఊరుకున్నాను. తప్పు నాదే. ఇప్పుడు ఒక పేరు చెబుతాను."

చెప్పారు. నా పేరు. మా నాన్న పిలిచినట్టు, మధ్యలో కాస్త సాగదీసి. తాడి తన్నేవాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అనలేదు. రెండేళ్లు ఆయన్ని ఆడిస్తున్నాననుకున్నాను గానీ, వడ్డిస్తున్నప్పుడు నా మొహం చూసి నవ్వుకున్నది ఆయన. తిట్టుకుందామనుకున్నాను, ఏడుపొచ్చింది. బాబాయి ముందే ఏడ్చాను, ఏం పోయింది.

అప్పుడు పాట వేశారు. అదే, రెండేళ్ల నాటి పాట. చివరిదాకా కదలకుండా విన్నాం, ఇద్దరమూ. అయిపోయింది. "విన్నారుగా" అన్నారు. వార్తలు మొదలయ్యాయి.

"అమ్మాయ్, ఆ పాట పేరు చెప్పలేదేం?" అన్నాడు బాబాయి.

సాయంత్రం ఆయన మొహం పాలిపోయి వచ్చారు. నా పేరు చెప్పిన కంగారులో పాట పేరు మరిచిపోయారట. ఉత్తరం వస్తుందేమో చూద్దాం అందట ఆఫీసరమ్మ. నేను కాఫీ చేతికిచ్చి, ఏం రాదులెండి అన్నాను. రాయాల్సిన శ్రోత ఒక్కతే కదా.

నెల గడిచింది. ఉత్తరం రాలేదు. ప్రోగ్రాం ఉంది, పావురం తిరిగొచ్చింది, పాటల పేర్లు ఒక్కటొక్కటిగా మళ్లీ మాయమవుతున్నాయి. ఆ పాట పేరు అడిగితే ఆయన చెబుతారు. నేను అడగను.

నిన్న మా ఆడపడుచు ఫోన్ చేసి, "వదినా, అన్నయ్య రేడియోలో నీ పేరు చెప్పాడట, నిజమేనా?" అంది. నిజమేనన్నాను. మీరూ ఇందాకటి నుంచీ ఆ పేరు కోసమే చూస్తున్నట్టున్నారు.

చివరిదాకా విన్నారుగా.