ఎత్తుబల్ల మీద డ్రమ్ములు

బల్ల మీద కాలు పెట్టగానే డ్రమ్ములు వాయించే దండాసి పాదం మెత్తగా దిగబడింది. కిందేమో టేకు పలకల స్టేజి. దాని మీద రాజమోహన్ గారు కొత్తగా చేయించిన మోకాలెత్తు బల్ల, బల్ల నిండా మెత్తటి స్పాంజి పరుపు, పైన ఎర్ర తివాచీ. అరవైల నాటి ఇంగ్లీషు బీట్ బృందాల ఫొటోల్లో డ్రమ్ములవాడు అందరికన్నా ఎత్తున కూర్చుంటాడట. రంగూన్ నడిబొడ్డున పబేడాన్‌లో మేడ మీద కొత్తగా తెరిచిన తన భోజనశాలకీ ఆ అందమే కావాలట ఆయనకి.

అందం సంగతెలా ఉన్నా, దండాసికి కావలసింది కింది చెక్క. పోయినేడు వానల్లో మొదలైన చెవుడు ఈపాటికి రెండు చెవుల్నీ మింగేసింది. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి పోల్చుకుంటాడు. వాయించేటప్పుడు మాత్రం చెప్పులు విప్పి పలకల మీద పాదాలు ఆనిస్తాడు. బేస్ గిటారు మోత పలకల్ని వణికిస్తే, ఆ వణుకు మడమల్లోంచి ఎక్కి తాళం చెబుతుంది. చూసినవాళ్లు భక్తి అనుకున్నారు. స్టేజికి మొక్కి, ఒట్టికాళ్లతో కూర్చునే పెద్దమనిషని బర్మావాళ్లు సైతం మెచ్చుకున్నారు. అసలు సంగతి తెలిసినవాడు బేస్ వాయించే బావమరిది కృష్ణకుమార్ ఒక్కడే.

పాడే మిన్ తుకి తెలియదు. తల్లి తెలుగు, తండ్రి బర్మా. బోర్డు మీద పెద్దక్షరాల్లో ఉండేది అతని పేరే. వెనక వాయించే ముగ్గురూ దాని కింద చిన్నక్షరాల్లో ఉంటారు. అప్పటి ఇంగ్లీషు బృందాల్లోనూ ఇదే వరస. ముందున్న గాయకుణ్ణి ఇంకా మెరిపించాలనుకుంటే వెనకున్న డ్రమ్ములవాణ్ణి చెప్పాపెట్టకుండా మార్చేసిన మేనేజర్లున్నారని దండాసి కుర్రతనం నుంచీ వింటున్నాడు. అరవై దాటిన చెవిటివాణ్ణి ఇక్కడ దింపేస్తే, ఎక్కించుకునే స్టేజి రంగూన్ మొత్తం మీద మరొకటుండదు.

"రాజమోహన్ గారూ, ఈ బల్ల నాకొద్దండి. కిందే కూకుంతాను."

"ఏటయ్యా, నది అవతల దలా నుంచి రోజూ పడవెక్కి వొస్తావు, జానెడు బల్ల ఎక్కలేవా? నువ్వు కనపడాల. కూకో!"

ఆయన హాలు మధ్య కుర్చీలో చేరగిలబడ్డాడు. ఈ మధ్యాహ్నం వాయింపు నచ్చితేనే బృందానికి ఇక్కడ పని. గిటార్లవాళ్లిద్దరూ, అంటే కృష్ణకుమార్, సూరి, జనం వైపు తిరిగి ఒకే వరసలో నిలబడాలని కూడా ఆయన హుకుం. దండాసికి మిగిలినవి రెండు వీపులు. కృష్ణకుమార్ ఒక్కసారి వెనక్కి చూశాడు. కళ్లలో భయం తప్ప మరేమీ లేదు.

పాట ఎత్తుకున్నారు. ట్యూన్ ఇంగ్లీషువాళ్లది, మాటలు బర్మావి. రంగూన్‌లో పెళ్లి పందిళ్లకి తరతరాలుగా అలవాటైన పాట. దండాసి చేతులకి దారి తెలుసు. కృష్ణకుమార్ మోచెయ్యి కదలిక చూస్తూ నెట్టుకొచ్చాడు. కాళ్ల కింద మాత్రం తివాచీ, ముసలి కుక్క పడుకున్నట్టు, ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంది.

గండం మధ్యలో ఉంది. అక్కడ వాయిద్యాలన్నీ ఒక్కసారి ఆగుతాయి. మిన్ తు ఒంటరిగా ఒక చరణం పాడతాడు. ఎంత సాగదీస్తాడో అతని మనసుని బట్టి. అది ముగియగానే డ్రమ్ము పడాలి, డ్రమ్ము వెనక తక్కినవాళ్లు. రోజూ ఆ చరణం పొడుగునా కృష్ణకుమార్ మడమతో పలకని తడుతూ ఉంటాడు. తట్టడం ఆగిందంటే చరణం అయిందన్నమాట.

ఇవాళా తడుతున్నాడు. మడమ ఆడటం కనిపిస్తూనే ఉంది. ఇంతలో మిన్ తు పాడుతూ పాడుతూ పక్కకి జరిగాడు, కృష్ణకుమార్ కాళ్లకి అడ్డంగా. దండాసి కర్రలెత్తి అలాగే ఉండిపోయాడు. ఇప్పుడా? ఇంకా ఉందా? వాళ్లు డ్రమ్ము కోసం కాచుకున్నారు, అతను వాళ్ల కోసం కాచుకున్నాడు.

ముగ్గురూ ఒక్కసారే వెనక్కి తిరిగారు. సూరి నోరు తెరుచుకునే ఉంది. దండాసి దబ్బున వాయించాడు. పాట ఎలాగో గట్టెక్కింది.

రాజమోహన్ గారి పెదాలు కదిలాయి. "మధ్యలో ఏటది, కరెంటు పోయిందా?"

మిన్ తు ఏదో నవ్వుతూ సర్దిచెప్పి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి దండాసి వెనక నిలబడ్డాడు. వచ్చినవాడు ఏమన్నాడో, ఎన్నిసార్లన్నాడో! దండాసి మాత్రం తువ్వాలుతో మెడ తుడుచుకుంటూనే ఉన్నాడు. ఎదురుగా కృష్ణకుమార్ ముఖం మాడిపోవడం చూసి గిరుక్కున తిరిగేసరికి ఆలస్యమైపోయింది.

మిన్ తు ముందుకొచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు. "ఎప్పట్నుంచి మావా?"

"పోయినేడు వానల్నించి."

"నాతో ఒక్క ముక్క అన్లేదేటి?"

"అంటే ఉంచుదువేటి?"

మిన్ తు గడ్డంతో హాలు వైపు చూపించాడు. "నేను అబద్ధం ఆడను, నీ గుట్టు బయటపెట్టను. ఆయనకి నువ్వే సెప్పు."

దండాసి బల్ల దిగి, ఒట్టికాళ్లతోనే వెళ్లి కుర్చీ ముందు నిలబడ్డాడు.

"బాబూ, నాకు చెవులు పోనాయి. పాదాల్తోటి ఇంటాను. ఆ పరుపు మీద నా పాదాలు కూడా చెవిటివే."

రాజమోహన్ గారి నోరు గబగబా ఆడింది. నోట్లో అప్పుడే పెట్టుకున్న కిళ్ళీ, పైన మీసం. ఒక్క మాటా చిక్కలేదు. ఇన్నాళ్లూ ఇలాంటప్పుడు తలాడించి తప్పుకునేవాడు దండాసి.

"మెల్లిగా సెప్పండి బాబూ. నా మొగం సూసి సెప్పండి."

ఆయన కిళ్ళీ ఉమ్మి వచ్చి కూర్చున్నాడు. ఒక్కో మాటా పేర్చినట్టు అన్నాడు: "కిందకి దిగి, అదే పాట వాయించు. మళ్లీ తప్పితే ఇంకోణ్ణి సూసుకుంతాను."

డ్రమ్ములు ఒక్కొక్కటీ కిందకి దించారు. స్టూలు వేశారు. దండాసి పలకల మీద పాదాలు పరిచాడు. కృష్ణకుమార్ తీగ మీటాడు. జివ్వున మోకాళ్ల దాకా వచ్చింది.

మిన్ తు మైకు దగ్గరనుంచి తిరిగి, పెదాలు బాగా విప్పి చెప్పాడు. "ఈసారి ఇంకా సాగదీస్తాను మావా. నాకూ తెలియాల."

"లాగరా. నీ ఊపిరెంతుందో నానూ సూస్తాను."

పాట నడిచింది. ఆగింది. మిన్ తు మెడనరాలు ఉబ్బాయి. దండాసి కళ్లు మూసుకున్నాడు. మడమ కింద చిన్న తట్టు. మరొకటి. మరొకటి. చెమట కనురెప్పల్లోకి దిగుతోంది. ఇంకా ఉంది, ఇంకా ఉంది, తొందరపడకు. మరో తట్టు. ఆ తర్వాత, ఏమీ లేదు.

కర్రలు వేశాడు.

పడిందో తప్పిందో ఒక్క క్షణం తెలియలేదు. చేతులు ఆపకుండానే కళ్లు తెరిచాడు. హాలు మధ్యలో రాజమోహన్ గారు మొహం ముడుచుకునే కూర్చున్నారు. కుర్చీ కింద మాత్రం ఆయన చెప్పు ఊడి పక్కన పడింది, కాలు తాళానికి ఆడుతూ ఉంది. దండాసి ఆ కాలు మీంచి చూపు తిప్పకుండా వాయించుకుంటూ పోయాడు.