లావు టైర్లు

నేను నాలుగో తరగతితో బడి మానేసినవాణ్ణి. అక్షరాలు వంకరగా ఉంటే చదివేవాళ్ళే సర్దుకోవాలి. సైకిలు చక్రం మాత్రం నా చేతిలో వంకర పోయింది లేదు. కర్నూల్లో పాతబస్టాండు పక్కన అయ్యన్న సైకిలు షాపు అంటే ఒకప్పుడు ఆ మాట ఎవరైనా ఒప్పుకునేవాళ్ళు. ఇప్పుడు ఒప్పుకోరు. పందెం నాడు తమ్ముడికి తప్పు చక్రాలు వేసిచ్చినవాడు అని అంటారు. నా మొహం మీదే అంటారు. నేను కాదనను.

పందెం జరిగింది యాభై ఐదో సంవత్సరం, మార్చి నెలలో. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. ఒక సేటు కొత్తగా బుడ్డల నూనె మిల్లు పెట్టాడు; వేరుసెనగను మేం బుడ్డలంటాం. ఊరూరూ తిరిగి బుడ్డలు చూసి బేరం చేసే మనిషి కావాల్సి వచ్చింది. కాలి నడకన అయ్యే పని కాదు, సైకిలు తొక్కేవాడు కావాలి. మిల్లు తెరిచే రోజున పందెం పెట్టిస్తే ఊరికి వేడుక, తనకు మనిషి, రెండూ కలిసొస్తాయని సేటు లెక్క. మొదట వచ్చినవాడికి ఉద్యోగం అని తప్పెట కొట్టించాడు.

నా తమ్ముడు సుంకన్నకు ఆ ఉద్యోగం కావాలి. అన్నానికి అని కాదు, అన్నం నేను పెడుతూనే ఉన్నాను. వాడి పెళ్ళాం హంపమ్మ అంతకు మూడేళ్ళ ముందు, కరువులో, ఆలూరు దగ్గర పుట్టింటికి వెళ్ళిపోయింది. మాది బండి తోలిన వంశం. మా నాయన పోయాక బండి సుంకన్న తోలేవాడు. కరువులో ఎద్దులు రెండూ చచ్చాయి. గంజి కేంద్రం ముందు ముంత పట్టుకుని నిలబడిన రోజున హంపమ్మ ఒకటే మాట అన్నదట: "నీకంటూ ఒక పని దొరికిన్నాడు కబురు పంపు, నేనే నడిచొస్తా." కోపంతో అన్న మాట కాదు. ఆ పిల్లకు ఆకలి అంటే భయం. సుంకన్న పందెం సంగతి చెప్పి పంపాడు. "ఆ పొద్దుకు వచ్చి మిల్లుకాడ నిలబడతా" అని తిరుగు కబురు వచ్చింది.

ఇక చక్రాల మాట. షాపులో రెండు జతలు ఉన్నాయి. ఒకటి ఎవరో గుమాస్తా అమ్మిపెట్టమని ఇచ్చిన అంగుళంపావు సన్న టైర్ల జత. వేలితో తోస్తే గాలికి తిరిగినట్టు తిరుగుతుంది. ఇంకొకటి నేను కట్టిన అంగుళమున్నర లావు టైర్ల జత. జతకు రెండు పౌన్ల బరువు ఎక్కువ. సుంకన్న కన్ను సన్నవాటి మీద పడింది.

"అన్నా, లాజరు సన్న టైర్లే ఏస్తాండాడు," అన్నాడు. లాజరు రైల్వే ఫైర్‌మన్ కొడుకు, ఊళ్ళో అందరికన్నా బాగా తొక్కేవాడు. "ఆ లావువి ఏసుకుని నేను వాని ఎనకాల దుమ్ము తినల్నా?"

"వాడు బాట చూడలా. నేను చూసొచ్చినా," అన్నాను.

నిజంగానే చూసొచ్చాను. పందెం కొండారెడ్డి బురుజు నుంచి ఓర్వకల్లు దాకా, అక్కణ్ణుంచి రాళ్ళగుట్టల నడుమ బండ్లబాట చుట్టి మళ్ళీ కర్నూలుకు, మిల్లు గేటు దాకా. మొదటి ఆరు మైళ్ళు తారు. తరువాత ఓర్వకల్లు దాకా కంకర. బండ్లబాట ఐదు మైళ్ళు: కొంత బండరాయి, కొంత ఎండి నెర్రెలు విచ్చిన రేగడి, అంతటా పల్లేరుకాయలు. వారం ముందు అదే లావు జత వేసుకుని, ఆ బాటంతా ఒక్కణ్ణే తొక్కాను. తిరిగొచ్చి వెనక టైరు విప్పి ముళ్ళు ఏరితే ముప్పై ఎనిమిది. ఒక్కటి కూడా ట్యూబు దాకా దిగలేదు. సన్న టైరైతే ఆ ముళ్ళు గాలి మిగల్చవు.

"తారు మీద వాడు పోనీ," అన్నాను. "ఓర్వకల్లు కాడ నువ్వు దిగి, వాల్వు వదులు చేసి కొంచెం గాలి తియ్యి. బొటనవేలితో నొక్కితే టైరు దిగాల. రాళ్ళ మీద చక్రం ఎగరదు, పట్టుకుంటాది. మళ్ళా కంకర ఎక్కినాక పంపు కొట్టు. నేను అట్లనే పోయొచ్చినా."

"నువ్వు నిదానంగా పోయింటావులే. నీకేం, నీ పెండ్లాం ఇంట్లోనే ఉండాది."

నా భార్య ఓబులమ్మ లోపల్నుంచి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నేను పెద్దవాణ్ణి, పని తెలిసినవాణ్ణి. లావు జతే వేశాను. వెనక నలభై, ముందు ముప్పై రెండు, ఒక్కొక్క స్పోకు పుల్లనూ వేలితో మీటి, మోత సమంగా వచ్చేదాకా బిగించాను. ముళ్ళు దిగితే అతికించుకోవడానికి ప్యాచీలు, సొల్యూషన్ డబ్బా సంచిలో పెట్టాను. ఇంకొక ట్యూబు పెట్టమన్నాడు. "ఈ టైరుకు ఆ పని పడదు," అన్నాను. అది నా పొగరు. ఆ మాట మాత్రం ఇప్పటికీ నాదే.

పొద్దున్నే సైకిలు బయటికి తెచ్చేసరికి టైర్లకు పసుపు బొట్లు, హ్యాండిలుకు కుంకుమ. మా అమ్మ హులిగెమ్మ పని. బండి బయలుదేరే ముందు నలభై ఏళ్ళు బొట్లు పెట్టిన చెయ్యి. సుంకన్న ఆమె కాళ్ళకు మొక్కాడు. "ఎద్దులు లేకపోయినా చక్రాలు ఉండాయి కదప్పా, పో," అన్నది.

పద్నాలుగు మంది బయలుదేరారు. బురుజు దగ్గర జనం విజిల్స్ వేశారు. తారు మీద లాజరు గువ్వలాగా పోయాడు. నేను మిల్లు దగ్గర నిలబడ్డాను. పందెం బాట వెంట సేటు మనుషులు మోటారులో తిరుగుతూ కబుర్లు తెస్తున్నారు.

హంపమ్మ ఎనిమిది గంటలకే వచ్చింది. చంకలో చిన్న మూట. నన్ను చూసి ముసుగు సర్దుకుని, "బావా, యాడుండాడు?" అనడిగింది.

"కంకర మీద ఉండాడు. ఎనకాలే ఉండాడుగానీ భయం లేదు."

"ఎనకాల ఉండి భయం లేదంటావేం బావా?" అన్నది. మూడేళ్ళ తరువాత ఆ పిల్ల నవ్వగా చూశాను.

మోటారు మళ్ళీ వచ్చింది. "బండ్లబాటలో అందరివీ టైర్లు పడిపోతాండాయి! లాజరుకు రెండు పంచర్లు! సుంకన్న మైలు ముందుండాడు!" అని అరిచారు. హంపమ్మ మూటను ఇంకో చంకకు మార్చుకుంది. నా పక్కనున్న గోపన్న అనే మిల్లు హమాలీ నా భుజం చరిచి, "ఏమప్పా, చక్రం కట్టితివి, ఉద్యోగం కొట్టితివి," అన్నాడు. నా బతుకులో అంత బాగా అనిపించిన గడియ ఇంకొకటి లేదు.

తరువాత జరిగింది లాజరు చెబితే తెలిసింది. బండ్లబాటలో చివరి మైలు, బండరాయి ఎక్కుడు. సుంకన్న లేచి నిలబడి తొక్కుతున్నాడు. వెనక చక్రంలో ఒక్కసారిగా గాలి పోయింది. దిగి చూస్తే ముల్లు లేదు. వాల్వు పక్కకు వాలిపోయి, ట్యూబు దగ్గర మొదలంటా చినిగింది. ముల్లు దిగితే ప్యాచీ వేస్తారు. వాల్వు మొదట్లో చినిగితే ప్యాచీ నిలవదు, ట్యూబే మార్చాలి. వెనకాలే లాజరు రెండు పంచర్లు అతికించుకుని వచ్చాడు. దిగి, సైకిలు పట్టుకున్నాడు. సుంకన్న కొట్టాడు. గాలి నిలవలేదు.

"నా కాడ ఇంకో ట్యూబు ఉంటే ఇచ్చుందునప్పా, మతలబు లేదు," అన్నాడట లాజరు.

"నీ పని నువ్వు చూసుకో పో, లాజరూ. నిలబడి ఏం చేస్తావు," అన్నాడట మా తమ్ముడు.

లాజరు మొదట వచ్చాడు. సన్న టైర్ల మీద. ఆ సంగతి ఊరు చూసింది. సుంకన్న సైకిలు భుజాన వేసుకుని ఓర్వకల్లు దాకా నడిచి, బస్సు మీద వేయించుకుని మధ్యాహ్నం దిగాడు. అప్పటికి హంపమ్మ వెళ్ళిపోయింది. సేటు లాజరు మెడలో దండ వేసేదాకా చూసి, మూట నెత్తిన పెట్టుకుని, "చెప్పు బావా, ఒచ్చి పోయిందని," అన్నది. ఉండమ్మా, అన్నం తిని పో, అన్నాను. వినలేదు. వింటే నేను ఏం పెట్టి ఉంచగలను?

సుంకన్న షాపు ముందు అరుగు మీద కూర్చున్నాడు. నేను లోపల వెనక టైరు విప్పాను. రిమ్ము మీద నా వేళ్ళు జారాయి. వాసన చూశాను. బుడ్డల నూనె.

టైరు రిమ్మును కరుచుకుని ఉండాలి. ఆ సందులో నూనె పడితే, గాలి తక్కువున్నప్పుడు గట్టిగా తొక్కే కొద్దీ టైరు రిమ్ము మీద కొంచెం కొంచెం జరుగుతుంది. దానితో పాటే ట్యూబు జరుగుతుంది. వాల్వు మాత్రం రిమ్ము బొక్కలో ఇరుక్కుని ఉంటుంది. జరిగి జరిగి చినుగుతుంది. పల్లేరుకు తట్టుకున్న చక్రం చెంచాడు నూనెకు పడిపోయింది.

వెనక అమ్మ నిలబడి ఉంది.

"చూడప్పా అయ్యన్నా," అన్నది మెల్లగా. "మీరు పండుకున్నాక నేను కందెన కూడా పెడితిని. బండికి ఇరుసుకు పెడతాం కదా. దీనికి ఇరుసు సందు కనపడలా, రబ్బరు ఇనుము రాసుకునేకాడ పోస్తి. ఎనక చక్రానికే సరిపాయె, ముందు దానికి నూనె మిగల్లా. అందుకేమన్నా ఓడిపాయెనా, ముందు దానికి పెట్టలేదని?"

ఆ నూనె ఎక్కడిదో నాకు తెలుసు. పండక్కని ముంత అడుగున దాచిన కాస్త నూనె. రెండు నెలలుగా ఇంట్లో తాలింపు లేదు.

"లేదమ్మా," అన్నాను. "నూనెతో ఏం లేదు. టైరు మంచిది కాదు."

అప్పటికే సుంకన్న లేచి గడప దగ్గరికి వచ్చాడు. అమ్మ మాట వాడు వినలేదు, నా మాట విన్నాడు.

"ఏమంటివి?" అన్నాడు.

రిమ్ము గోనెపట్టతో తుడుస్తూ, తల ఎత్తకుండా చెప్పాను. "నా తప్పే సుంకా. లావు టైరుకు గాలి తియ్యమంటి చూడు, అది తప్పు. జరిగి వాల్వు తెగింది."

"సన్నవి ఎయ్యమంటి కదన్నా."

"అంటివి."

"ఇంకో ట్యూబు ఇయ్యమంటి."

"అంటివి."

వాడు నన్ను తిట్టి ఉంటే బాగుండేది. అమ్మ వైపు తిరిగి, "అమ్మా, నువ్వు పెట్టిన బొట్లు నేను చెరపలేదు, చూడు, ఇంకా ఉండాయి," అన్నాడు. అంతే. అమ్మ ఏడ్చింది.

ఆ సంవత్సరమే ఆఖరులో వాడు కృష్ణ మీద కొత్త డ్యాము పనికి రాళ్ళు మోయడానికి వెళ్ళిపోయాడు. మరుసటేడు హంపమ్మకు వాళ్ళవాళ్ళు మారుమనువు చేశారు. లాజరు ఇప్పటికీ ఊళ్ళెంట తిరిగి బుడ్డలు కొంటాడు. సైకిలు బాగు చేయించుకోవడానికి నా దగ్గరికే వస్తాడు, మంచివాడు. పోయిన ఏడు రెండు చక్రాలకూ లావు టైర్లు వేయించుకున్నాడు. "బండ్లబాటల్లో సన్నవి నిలవవు అయ్యన్నా," అన్నాడు. నేను బిగించి ఇచ్చాను.

సుంకన్న దగ్గర్నుంచి మూడేళ్ళలో ఒక్క కార్డు వచ్చింది, మొన్న శ్రావణంలో. అక్కడ ఎవరిచేతో రాయించాడు. అమ్మ ఎట్లుంది, కండ్లు కనపడతాండాయా, వదిన బాగుందా, అని ఉంది. నా పేరు లేదు. అమ్మకు చదివి వినిపిస్తూ, "అన్నను అడిగినానని చెప్పు" అని ఒక మాట కలిపాను. ఓబులమ్మ తలుపు దగ్గర నిలబడి నా మొహం చూసింది.

అమ్మ జవాబు రాయమన్నది. నేను పలక మీద కార్డు పెట్టుకుని కూర్చున్నాను. ఆమె చెబుతూ పోయింది, నేను రాస్తూ పోయాను. కండ్లు బాగుండాయి. వానలు లేవు. రాళ్ళు మోసేటప్పుడు నడుముకు గుడ్డ కట్టుకో.

"ఇంకొకటి రాయి," అన్నది. "ఆ పొద్దు ఎనక చక్రానికి ఒక్కదానికే నూనె పోసినా, ముందు దానికి పోయలేకపోతి, అది నా మనసులో ఉండాది అని రాయి. మళ్ళా పందెం పెడితే రెండిటికీ పోస్తా, రమ్మను."

ఆ ఒక్క వరుస చాలు. వాడు చక్రం తెలిసినవాడు. ఎవరో చదివి వినిపించగానే అంతా తెలిసిపోతుంది. రాళ్ళ తట్ట కింద పెట్టి కూర్చుంటాడు. నా మీద మూడేళ్ళుగా పెట్టుకున్నది తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక కూర్చుంటాడు.

"రాసినావా?" అన్నది.

"రాసినానమ్మా," అన్నాను.

కార్డు మీద ఆ వరుస పట్టే చోటు మిగిలింది. వాన వస్తే రేగడి దున్నుతారట అని రాసి, అడుగున అమ్మ వేలిముద్ర వేయించాను.